గురువు లేని విద్యకు పరీక్ష

గురువు లేని విద్య గుడ్డి విద్య యని తెలుగునాట వాడుక కలదు. ఆ మాట పుట్టిన కాలమున పుస్తకములు తాటాకులపై నుండెడివి. పలుకు గురుముఖమునుండియే వినవలసి యుండెను. నేటి స్థితి వేరు. సముద్రముల కావలనున్న దేశముల పాటలును, నాటకములును, వార్తలును అరచేతిలో ఇమిడెడి సెల్‌ఫోనులో వినబడుచున్నవి. అందుచేత ఒక్క ఉపాధ్యాయుని ముఖమైనను చూడకయే పరభాషల నభ్యసించువారు దేశదేశములయందు బయలుదేరిరి. అట్లు కొరియను భాషను నేర్చువారు అనేకులు. పాటలు విని కొందరు, నాటకములు చూచి కొందరు, చదువు కొరకును ఉద్యోగము కొరకును మరికొందరు ఆ భాషలో దిగుదురు. మన అనంతపురము జిల్లాలో ఎర్రమంచి యొద్ద 2019వ సంవత్సరమున కొరియావారి కియా కార్ల కర్మాగారము ఉత్పత్తి నారంభించిన పిదప తెలుగువారికిని ఆ భాషతో పని కలిగినది. ఆ ప్రదేశము 2022 నుండి శ్రీ సత్యసాయి జిల్లాలో చేరియున్నది.

ఇట్లు నేర్చువానికి నాలుగైదేండ్లు గడచినపిమ్మట ఒక సందేహము పుట్టును. తాను నేర్చినది నిజముగా కొరియావారి భాషయేనా, లేక తన గదిలో కూర్చుండి తాను కల్పించుకొన్న మరియొక భాషయా? ఇంటివారికి ఆ భాష రాదు గనుక మెచ్చుకొందురు. స్నేహితులు ఆశ్చర్యపడుదురు. ఆ మెప్పువలన సందేహము తీరదు. దానిని తీర్చుకొనుటకే అతడు పరీక్షకు దరఖాస్తు పెట్టును.

ఆ పరీక్షకు కొరియను భాషా ప్రావీణ్య పరీక్ష యని పేరు. లోకమున 'టోపిక్' అను పొట్టిపేరే వాడుకలో నున్నది. కొరియను మాతృభాష కానివారి కొరకు 1997వ సంవత్సరమున దీని నేర్పరచిరి. ఇందు ఆరు మెట్లు కలవు. మొదటి రెండు మెట్లకు ఒక పరీక్ష. మూడవ మెట్టునుండి ఆరవ మెట్టు వరకు మరియొక పరీక్ష. ఈ పై పరీక్షకు 300 మార్కులు. 120 వచ్చిన మూడవ మెట్టు, 150 వచ్చిన నాలుగవది, 190 వచ్చిన అయిదవది, 230 వచ్చిన ఆరవది లభించును. అందరికిని ప్రశ్నపత్రము ఒక్కటే. ఎవరికి చేతనైనంత వారు ఎక్కుదురు. 229 మార్కులు వచ్చినవాడు అయిదవ మెట్టుననే నిలువవలయును.

భాషలయందు పరీక్షలు జరుపుట కొరియా దేశమునకు క్రొత్త గాదు. ఆ దేశపు రాజులు 1393లోనే దుబాసీలను తయారుచేయుట కొక శాఖను స్థాపించిరి. చీనా, మంగోలు, జపాను, మంచూ భాషలను అచట నేర్పి పరీక్షించెడివారు. చీనాభాష నేర్చుటకు వారు వాడిన పుస్తకములలో నొకటి వర్తకుల సంభాషణ. కొరియానుండి గుర్రములను తోలుకొని చీనా రాజధానికి పోవు వర్తకులు దారిలో పూటకూళ్లయిండ్ల యొద్దను, అంగళ్ల యొద్దను మాటలాడు మాటలే అందలి పాఠములు. ఆ మాటలను దుబాసీలు కంఠస్థము చేసిరి. ఆనాడు పరభాష నేర్చి పరీక్షకు కూర్చున్నది కొరియావారు; ఈనాడు వారి భాషకు పరులు కూర్చుండుచున్నారు.

కొరియను భాషలో తొలిమెట్టు మిక్కిలి సులభము. దానికి కారణము వారి లిపి. సెజోంగ్ అను రాజు 1443లో ఆ లిపిని కల్పించి 1446లో ప్రకటించెను. అంతకుముందు చదువుకొన్నవారు చీనా అక్షరములతో వ్రాసెడివారు. వేలకొలది యున్న ఆ అక్షరములు సామాన్యులకు అందెడివి కావు. రాజు కల్పించినవి 28 అక్షరములు మాత్రమే. ఇప్పుడు వాడుకలో నున్న మూలాక్షరములు 24. వానిలో మూలహల్లుల ఆకారములు నోటినుండియే పుట్టినవి. మకారమునకు నోటి యాకారము. నకారమునకు పైపంటి వెనుకభాగమును తాకు నాలుక వంపు. గకారమునకు గొంతును మూయు నాలుకమొదలు. లిపియే ఉచ్చారణమును బోధించును. ఆస్థానపండితులలో కొందరు 1444లో దీనిని గట్టిగా ప్రతిఘటించిరి. చీనా సంప్రదాయమును విడుచుట అనాగరికమని వారి వాదము. రాజు వినలేదు. అతడు వినియుండినచో నేటి యభ్యాసకుడు తొలివారములోనే చదువుట నేర్చి సంతోషపడుట యుండదు.

ఈ సంతోషములోనే ఒక మోసము కలదు. కంటికి వచ్చిన భాష చెవికి వచ్చినదని యభ్యాసకుడు భ్రమపడును. వాక్కు, మయము అను రెండును కలిసి వాఙ్మయము అగుననియు, జగత్తు, నాథుడు కలిసి జగన్నాథుడు అగుననియు విద్యార్థికి తెలియును. కొరియను భాషయందును ఇట్టిదే జరుగును. 'గుక్' అనగా దేశము, 'మిన్' అనగా జనులు. రెండును కలిసినప్పుడు 'గుఙ్మిన్' అని పలుకుదురు. స్వాతంత్ర్యమునకు 'దోక్‌రిప్' అని వ్రాసి 'దోఙ్నిప్' అందురు. 'సిన్‌రా' అని వ్రాసిన ప్రాచీనరాజ్యము పేరు 'సిల్లా' అని వినబడును. భేద మెచటనన, మన సంస్కృత సంధులలో మార్పు వ్రాతకును ఎక్కును. వారి భాషలో పలుకు మాత్రమే మారును, వ్రాత మారదు. పదముల మూలరూపము కంటికి కనబడవలయునని 1933లో వారి భాషాసంఘము ఈ విధముగా వర్ణక్రమమును స్థిరపరచెను. చదువరికి ఇది మేలు. పుస్తకమునే నమ్ముకొన్నవానికి మాత్రము పరీక్షాశాలలో ఎదురగునది వేరు. ఇంటియొద్ద వేయిమారులు చదివిన మాటయే చెవిని పడును. అతడు దానిని గుర్తుపట్టడు.

హల్లుల యందును చిక్కు కలదు. 'బుల్' అనగా అగ్ని. దానినే ఫలములోని ఫకారముతో 'ఫుల్' అనిన గడ్డి యగును. ఊపిరి విడువక గొంతు బిగించి 'ప్పుల్' అనిన కొమ్ము. అల్పప్రాణమునకును మహాప్రాణమునకును భేదము తెలుగువానికి క్రొత్త గాదు; ఆ మూడవదే చెవికి పట్టుబడదు.

శ్రవణపరీక్ష 60 నిమిషములు, 50 ప్రశ్నలు. మొదటి 20 ప్రశ్నలకు సంభాషణ ఒక్కసారియే వినిపింతురు. మరల చెప్పుమని యడుగుటకు వీలులేదు. తుదిభాగమున వచ్చునవి ఉపన్యాసములు, చర్చలు. నాటకములకు అలవడిన చెవికి అలుకలు, ఓదార్పులు, అత్తాకోడండ్ర వాదములు తెలియును గాని, సముద్రజీవులను గూర్చియో పన్నుల విధానమును గూర్చియో ఒక పండితుడు ప్రసంగించుట అలవాటుండదు.

వాక్యనిర్మాణమునందు మాత్రము తెలుగువాడు భాగ్యవంతుడు. 'నానున్ హక్‌క్యోఎ గమ్నిదా' అను వాక్యమునకు 'నేను బడికి పోవుచున్నాను' అని మాటకు మాట సరిపోవును. క్రియ తుదిని వచ్చును. 'కి' వంటి ప్రత్యయము నామమునకు వెనుక చేరును. ఈ పోలికను మొదట గమనించినవారిలో హోమర్ హల్బర్ట్ అను అమెరికా దేశస్థు డొకడు. అతడు 1886లో కొరియా రాజు స్థాపించిన పాఠశాలలో బోధించుటకు వెళ్లెను. కొలది సంవత్సరములలోనే ఆ భాషను సాధించి, విద్వాంసులును సామాన్యులును తప్పక తెలిసికొనవలసినది యను అర్థము వచ్చు పేరుతో భూగోళ పాఠ్యపుస్తకమును చీనా అక్షరములు లేకుండ వారి లిపిలోనే వ్రాసెను. అతని పుస్తకము చదివినవారే అతనికి పరీక్షాధికారులు. కొరియను భాషను ద్రావిడభాషలతో పోల్చి 1905లో అతడొక వ్యాకరణమును ప్రకటించెను. ఆ భాషల నడుమ చుట్టరికమున్నదను వాదమును నేటి భాషాశాస్త్రజ్ఞులలో అధికు లంగీకరింపరు. అయినను వాక్యముల పోలిక సత్యమే. తెలుగు విద్యార్థికి అది దొరకిన నిధి.

శబ్దసంపద మరియొక సంగతి. తెలుగున సంస్కృతపదములవలె కొరియను భాషలో చీనా మూలపదములు నిండియున్నవి. ఇంటిమాటలు దేశ్యములు, శాస్త్రము, న్యాయము, వార్త అనగానే చీనా పదములు వచ్చును. 'హక్' అనగా విద్య. దానినుండి హక్‌క్యో పాఠశాల, హక్‌సెంగ్ విద్యార్థి, దేహక్ విశ్వవిద్యాలయము, మున్‌హక్ సాహిత్యము. పై మెట్లకు ఎక్కువాడు ఇట్టి ధాతువులను పట్టుకొనవలయును. అంకెలు సయితము రెండు వరుసలు. గంటలకు దేశ్యసంఖ్య, నిమిషములకు చీనాసంఖ్య. మూడు గంటల దశ నిమిషము లన్నట్లుండును.

ఏకాంతముగా చదువువానికి ఈ పదములను చెప్పు గురువు నిఘంటువు ఒక్కటే. ఆ నిఘంటువునకు ఒక చరిత్ర కలదు. జపాను పరిపాలనలో నుండగా 1929లో కొరియను పండితులు తమ భాషకు మహానిఘంటువును కూర్ప పూనుకొనిరి. 1938 తరువాత పాఠశాలలలో ఆ భాషకు చోటు సన్నగిల్లెను. 1942 అక్టోబరులో భాషాసంఘమువారిని నిర్బంధింప మొదలిడిరి. వ్రాతప్రతిని నేరమునకు సాక్ష్యముగా పట్టుకొనిపోయిరి. ఈ యున్‌జే 1943లోను, హాన్ జింగ్ 1944లోను చెరసాలలోనే ప్రాణములు విడిచిరి. దేశము విడుదలయైన పిదప 1945 సెప్టెంబరులో సియోలు రైలుస్టేషను గిడ్డంగిలో ఆ వ్రాతప్రతి దొరకెను. 1947లో మొదటి సంపుటము వెలువడెను. ఆరవదియైన తుదిసంపుటము 1957లో ముగిసెను. నేడు ఒక యభ్యాసకుడు రాత్రివేళ తెలియని మాటకు అర్థము వెదకునప్పుడు, ఆ మాటను కాపాడుటకు చెరకు పోయినవారున్నారని అతనికి తెలియకపోవచ్చును.

ఇక లేఖనము. గురువు లేని కొరత పూర్ణముగా బయలుపడు చోటు ఇదియే. శ్రవణపఠనములకు నాలుగు సమాధానములలో నొకటి గుర్తించిన చాలును. అభ్యాసకుడు ఇంటియొద్దనే గతవత్సరముల ప్రశ్నపత్రములతో తన్ను తాను సరిచూచుకొనగలడు. తాను వ్రాసిన వ్యాసమును సరిదిద్దువారెవరు? తప్పు తనదే, చూచు కన్నును తనదే. ఏ తప్పును తెలియక చేసెనో దానిని ఆ కన్ను పదిమారులు చూచినను పట్టలేదు.

లేఖనమునకు 50 నిమిషములు, నాలుగు ప్రశ్నలు, 100 మార్కులు. మొదటి రెండును ఖాళీలు పూరించునవి. మూడవది పట్టికలోని అంకెలను చూచి 200 నుండి 300 అక్షరములలో వివరించుట. నాలుగవది 600 నుండి 700 అక్షరముల వ్యాసము. దీనికే 50 మార్కులు. గళ్లకాగితముపై గడికొక అక్షరము చొప్పున వ్రాయవలయును. మాటల నడుమ విడిచిన ఖాళీయు ఒక గడిగా లెక్కకు వచ్చును.

ఇచట నాటకములు చూచి నేర్చినవాడు తరచుగా చిక్కుపడును. కొరియావారి క్రియ ఎదుటివాని వయస్సును, స్థానమును బట్టి తుదిని మారును. తాతగారిని 'తిన్నావా' యని మన మడుగము. 'భోజనము చేసితిరా' యందుము. వారు క్రియతోపాటు నామమునే మార్తురు: మన యన్నము 'బప్', పెద్దల యన్నము 'జిన్‌జి'. ఈ మర్యాదలన్నియు శ్రమపడి నేర్చినవాడు పరీక్షకు వచ్చును. వ్యాసము మాత్రము ఏ వ్యక్తినుద్దేశించియు వ్రాయునది కాదు. దానికి మర్యాదాసూచకము లేని గ్రంథశైలి వేరుగా నున్నది. సంభాషణలో వాక్యాంతమున ఇంపుగా వినబడు 'యో' అను ప్రత్యయము వ్యాసములో దోషము. ఒక వాక్యము గ్రంథశైలిలో నడచి తరువాతి వాక్యము వీధిమాటలోనికి జారినచో మార్కులు తగ్గును. ఎవరును చెప్పనిచో ఈ భేద మతనికి ఎట్లు తెలియును?

తెలిసికొన్నవారు తెలిసికొన్న మార్గము శ్రమతో కూడినది. దినపత్రికల సంపాదకీయములను చేతివ్రాతతో ఎత్తి వ్రాయుదురు. ఒక పేరాను చదివి, మూసి, జ్ఞాపకమునుండి మరల వ్రాసి, మూలముతో పోల్చుదురు. భేదము కనబడిన చోటెల్ల అచ్చుపేరా గురువై దిద్దును. తమ కంఠధ్వనిని యంత్రమున పట్టి తామే విందురు. అది మొదట ఎవరికిని రుచింపదు. తమ భాషను నేర్చుకొన గోరు కొరియావారిని వెదకి ఒకరి వ్రాతలను మరియొకరు దిద్దుకొందురు. వీరు గురువును విడిచినవారు గారు. ఒక్క గురువునకు మారుగా పదిమందిని కొంచెము కొంచెముగా కూడబెట్టుకొన్నవారు.

కాగితముపై జరుగు పరీక్షనాడు పరీక్షాశాలలో రెండు కొనల కలమును వారే ఇత్తురు. ఒక కొనతో గడులు నింపుటయు, రెండవ కొనతో వ్యాసము వ్రాయుటయు. శ్రవణమును లేఖనమును ఒక్క బిగిని 110 నిమిషములు. కొంత విరామము. పిమ్మట 70 నిమిషములలో 50 పఠనప్రశ్నలు. కడపటి పుటలయందు కాలము చాలక పలువురు చదువకయే గడులు నింపుదురు. ఇందులో మాటలాడుట లేదు. దానికి 2022లో వేరొక పరీక్ష నేర్పరచిరి. కొన్ని వారములకు ఫలితము వచ్చును. అందు శ్రవణము, లేఖనము, పఠనము అని మూడు అంకెలు వేర్వేరుగా నుండును. తన్ను తాను చదివించుకొన్నవాడు మొదట చూచునది నడిమి అంకె. ఆ పత్రము రెండేండ్లు మాత్రమే చెల్లును. ఆరవ మెట్టు నెక్కినవారును ఆ గడువు తీరిన పిదప పని పడినచో మరల దరఖాస్తు పెట్టి, మరల ఆ రెండు కొనల కలమును చేతబట్టవలసినదే.