తాగేది ఇంజినా, పట్టేసిన బ్రేకా?

తెలుగువాడి ముందు ఏ బండి నిలబెట్టినా మొదటి ప్రశ్న ఒక్కటే: "మైలేజీ ఎంతిస్తుంది?" రంగూ ధరా ఆ తర్వాతే. డెట్రాయిట్ దగ్గర ఉండే మా అక్క కొడుకు పోయిన నవంబరులో ఎర్రటి రెండు సీట్ల స్పోర్ట్స్ కారు కొన్నాడు. 1991 నాటి మాజ్డా మియాటా. వయసులో వాడికన్నా రెండేళ్లు పెద్దది. ఏప్రిల్లో నేను వెళ్లినప్పుడు, పెళ్లిలో అడ్డుతెర దించినంత అపురూపంగా దాని మీది గుడ్డ తొలగించాడు. నేను అడిగింది మాత్రం ఆ పాత ప్రశ్నే.

"పదిహేడు మావయ్యా" అన్నాడు నీరసంగా. గ్యాలన్‌కు 17 మైళ్లు. మన లెక్కలో లీటరుకు ఏడు కిలోమీటర్ల చిల్లర. "ముప్పై ఏళ్లు దాటిన బండి కదా, వయసైపోయింది. తాగుతుంది మరి."

ఆ మాట నాకు గుచ్చుకుంది. "యాభై దాటాయి, ఇంతే మరి" అని నేను ఇంట్లో రోజూ అనే మాటే అది. మెట్లెక్కితే ఆయాసం, సాయంత్రానికి నీరసం, రాయాల్సిన వ్యాసం రేపటికి వాయిదా. అన్నిటికీ ఒకటే సంజాయిషీ.

నిజానికి మియాటా తాగుబోతు బండి కాదు. 1989లో షికాగో ఆటో షోలో దాన్ని మొదట చూపించినప్పుడు జనం ముచ్చటపడింది దాని తేలికదనానికి. బరువు టన్ను లోపే. 1.6 లీటర్ల ఇంజిన్, 116 హార్స్ పవర్, అంతే. ఇంజిన్ పెంచే బదులు బరువు తగ్గించారు. గుర్రమూ రౌతూ ఒక్కటే అనే అర్థమొచ్చే 'జిన్బా ఇట్టాయ్' అన్న మాటను జపాన్ ఇంజినీర్లు మంత్రంలా పట్టుకుని తయారుచేసిన కారు. 2016 నాటికి అన్ని తరాలూ కలిపి పది లక్షలు తయారయ్యాయంటే ఆ మంత్రం పనిచేసినట్టే. అంత బక్కపలచని బండి, ఊరూ హైవే కలిపి గ్యాలన్‌కు 24 మైళ్ల చుట్టుపక్కల ఇవ్వాలి. 17 ఇస్తోందంటే, వయసు అనే మాట కింద ఏవో నాలుగు కారణాలు దాక్కున్నాయన్నమాట. వాటిని ఒక్కొక్కటిగా బయటికి లాగొచ్చు.

"అల్లుడూ, ఆ పదిహేడు ఎలా లెక్కేశావు?" అన్నాను. తలగోక్కున్నాడు. ఒకసారి సగం ట్యాంకుకి లెక్క చూశాడట. మిగతాది అంచనా. ఇక్కడే చాలామంది బోల్తా పడేది. బంకులో గన్ను దానంతటది టక్కుమని ఆగేదాకా ట్యాంకు నింపాలి. ట్రిప్ మీటరు సున్నా చెయ్యాలి. మళ్లీ నింపేటప్పుడు వీలైతే అదే బంకు, అదే పంపు, మళ్లీ టక్కుమనేదాకా. తిరిగిన దూరాన్ని పట్టిన పెట్రోలుతో భాగించాలి. ఒక్క ట్యాంకుతో తేల్చకుండా మూడు చూడాలి. వాడికి ఓ చిన్న నోటుపుస్తకం కొనిచ్చి గడులు గీశాను: తేదీ, మైళ్లు, గ్యాలన్లు, కారణం. ఆ చివరి గడి ఎందుకో తర్వాత చెబుతాను.

మీరూ ఇదే చెయ్యండి. "టైమ్ ఉండట్లేదండీ" అనేవాళ్లలో రోజు ఎటుపోతోందో రాసి చూసినవాళ్లు నాకు ఒకరిద్దరే తగిలారు. మూడు వారాలు గంటగంటకీ ఒక్క ముక్క రాయండి. చక్కదిద్దుకోవడానికి అప్పుడే తొందరపడొద్దు. ఊరికే రాయండి.

మూడు ట్యాంకుల సగటు 17.2 వచ్చింది. పర్లేదు, అంచనా తప్పు కాదు. రోగం ఉన్నమాట ఖాయమైంది.

ఇక ఆదివారం పొద్దున వెతుకులాట. ఇరవై నిమిషాలు, బ్రేకు వీలైనంత తక్కువ వాడుతూ, తిప్పి తీసుకొచ్చాడు. నేను దోసె వేసేముందు పెనం కాక చూసినట్టు ఒక్కో చక్రానికి దగ్గరగా అరచెయ్యి పెట్టి చూశాను. ముట్టుకోకూడదు, చెయ్యి కాలుతుంది. మూడు చక్రాలు గోరువెచ్చగా ఉన్నాయి. కుడివైపు వెనక చక్రం సెగలు కక్కుతోంది. జాకీ వేసి ఎత్తి చేత్తో తిప్పితే పెళ్లికి అలిగిన మేనత్తలా కదలనంది. ఈ తరం మియాటాలో హ్యాండ్ బ్రేకు యంత్రం వెనక చక్రాల బ్రేకు బిగించే కాలిపర్లలోనే ఉంటుంది. చలికాలంలో అక్కడి రోడ్ల మీద చల్లే ఉప్పుకి తుప్పు పట్టి, ఆ కాలిపర్ వేసిన బ్రేకును పూర్తిగా వదలదు. ఈ బండ్లు నడిపేవాళ్లందరికీ తెలిసిన జబ్బే.

ఐదు నెలలుగా మావాడు బ్రేకు తొక్కిపట్టి యాక్సిలరేటర్ నొక్కుతున్నాడన్నమాట. బండి ఒక్కసారీ మొరాయించలేదు. ఎంత లాగాలో అంత లాగింది, దానికి సరిపడా తాగింది.

నా వేడి చక్రం నాకు తెలుసు. పదకొండేళ్ల కిందట మా దాయాదితో గట్టు తగాదా. కోర్టులో ముగిసింది, నా బుర్రలో ముగియలేదు. ఊరి పేరు వినబడితే చాలు, వాడికి చెప్పకుండా మిగిలిపోయిన మాటలన్నీ లోపల వాదన మొదలెట్టేవి. దానికెంత పెట్రోలు ఖర్చవుతోందో నేనెప్పుడూ లెక్క చూడలేదు. మొన్న ఫోన్ చేసి, వాళ్లమ్మాయి పెళ్లికి వస్తున్నానని చెప్పాను. అవతల కాసేపు మాటలేదు. "రా అన్నయ్యా" అన్నాడు. భూమి సంగతి మేం ఎత్తలేదు.

మీ చక్రం కనిపెట్టడానికి జాకీ అక్కర్లేదు. ఎవరి పేరు ఫోన్లో మెరిస్తే మీ దవడ బిగుసుకుంటుందో చూసుకోండి. ఏ పని గుర్తొస్తే వెంటనే టీ తాగబుద్ధేస్తుందో చూసుకోండి. తీర్చని చేబదులు, కాదని చెప్పలేక ఒప్పుకున్న సంఘం కోశాధికారి పదవి, అడగని క్షమాపణ. ఏదో ఒకటి అంటుకునే ఉంటుంది. దాన్ని వదిలించే ముందు కొత్త తీర్మానాలేవీ చెయ్యకండి. పట్టేసిన బ్రేకు మీద ఇంకొంచెం గట్టిగా యాక్సిలరేటర్ తొక్కడమే అవుతుంది.

రెండో దొంగ థర్మోస్టాట్. ఇంజిన్ వేడెక్కేదాకా కూలెంటును రేడియేటర్ వైపు పోనివ్వకుండా ఆపే చిన్న తలుపు అది. తెరుచుకుని ఇరుక్కుపోతే మిషిగన్ చలిలో ఇంజిన్ పూర్తిగా వేడెక్కదు. బండి కంప్యూటరు "ఇంకా చల్లగానే ఉన్నాం" అనుకుని పెట్రోలు ఎక్కువ చిమ్ముతూనే ఉంటుంది. హీటరు సరిగా రావట్లేదని మావాడు చలికాలమంతా మఫ్లరు చుట్టుకుని నడిపాడు తప్ప ఎందుకని అడగలేదు. భాగం ఖరీదు ఓ పూట హోటల్ భోజనం. థర్మోస్టాట్ బాగున్నా, చలికి పెట్రోలు లెక్క ఎలాగూ మారుతుంది. మూడు నాలుగు మైళ్ల పొట్టి ప్రయాణాలైతే గడ్డకట్టే చలిలో మైలేజీ 24 శాతం దాకా పడిపోవచ్చని అమెరికా ఇంధన శాఖ చెబుతుంది. పాలకోసారి, మందులకోసారి, కొరియర్‌కోసారి బండి తీసే బదులు ఒక్క చుట్టులో మూడూ ముగించుకుంటే రెండు చల్లటి స్టార్టులు మిగిలినట్టే. మన బుర్రా అంతే సుమండీ. పనిలో పడి కాస్త కాకెక్కేలోపు వాట్సాప్ తీశామా, మళ్లీ మొదటి నుంచి. ఫోన్లన్నీ ఒక గంటలో చేసెయ్యండి. పొద్దుటి మొదటి గంటన్నర ఎవరికీ ఇవ్వకండి.

మూడోది ఆక్సిజన్ సెన్సర్. పొగగొట్టం దారిలో కూర్చుని, కాలగా ఎంత ఆక్సిజన్ మిగిలిందో కంప్యూటరుకు చెబుతూ ఉంటుంది. ఆ కబురు బట్టి ఒక పాలు పెట్రోలుకు 14.7 పాళ్ల గాలి ఉండేలా కంప్యూటరు సర్దుకుంటుంది. సెన్సర్ ముసలిదై మందగిస్తే కబురు ఆలస్యంగానో తప్పుగానో అందుతుంది, ఇంజిన్ ఇష్టారాజ్యంగా తాగుతుంది. పూర్తిగా చెడిపోయిన సెన్సర్ మారిస్తే మైలేజీ 40 శాతం దాకా పెరగొచ్చని ఆ శాఖే అంటోంది. మీకు నిజం చెప్పే సెన్సర్ ఎవరు? "బాగుందండీ" అనేవాళ్లను వదిలెయ్యండి. నేను వ్యాసం చదవమని మా ఆవిడకిచ్చి "ఎలా ఉంది?" అని అడగడం మానేశాను. "ఎక్కడ విసుగొచ్చింది?" అంటాను. పేరా నంబరుతో సహా చెబుతుంది.

టైర్లలో గాలి చూశాం. మియాటాకు 26 పీఎస్ఐ చాలు, అంతే పెట్టాం. దాంతో వచ్చే లాభం ఒక శాతం లోపే. ఎయిర్ ఫిల్టరు మారిస్తే మైలేజీ పెరుగుతుందనేది కార్బురేటర్ల కాలపు మాట. ఇంజెక్షన్ బండికి పికప్ మారొచ్చేమో కానీ మైలేజీ పెద్దగా మారదు. ట్యాంకులో పోసే మందులు, పైపుకు తగిలించే అయస్కాంతాలు అసలు వద్దు. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ ఇలాంటి పరికరాలు వందకు పైగా పరీక్షించి, చెప్పుకోదగ్గ లాభం దాదాపు దేంట్లోనూ లేదని తేల్చింది. మా వ్యక్తిత్వ వికాసం బజారులోనూ ఈ అయస్కాంతాలు బోలెడు. తెల్లవారుజామున నాలుగింటికి లేస్తే జీవితం మారిపోతుందనేది వాటిలో ఒకటి. నేనూ కొన్నాళ్లు అమ్మాను, ఒప్పుకుంటున్నాను.

ఇవి కాక, ఏం చేసినా మారనిది ఒకటుంది. అక్కడి పెట్రోల్లో పది శాతం ఇథనాల్, ఇక్కడ మనకిప్పుడు ఇరవై. పెట్రోలుతో పోలిస్తే లీటరు ఇథనాల్లో శక్తి మూడో వంతు తక్కువ. ఆ మేరకు మైలేజీ తగ్గి తీరుతుంది. అది లెక్కలో రాసుకుని వదిలేశాం. దాని మీద గింజుకోవడానికి ఇంకో ట్యాంకు ఎవరు పోస్తారు?

ఇంతకీ ముందు ఏ లోపం పట్టుకోవాలి? డ్యూక్ యూనివర్సిటీకి చెందిన రిచర్డ్ లారిక్, జాక్ సోల్ 2008లో 'సైన్స్' పత్రికలో ఓ తమాషా విషయం చూపించారు. మైలేజీ అంకె మన కళ్లకు గంతలు కడుతుందట. ఇలా చూడండి. వెయ్యి కిలోమీటర్లు తిరగాలి. లీటరుకు 15 ఇచ్చే బండిని 20కి పెంచితే మిగిలేది సుమారు 17 లీటర్లు. లీటరుకు 7 ఇచ్చేదాన్ని 10కి పెంచితే? 43 లీటర్లు! ఐదు పెరిగిన చోటకన్నా మూడు పెరిగిన చోట రెట్టింపు పైగా లాభం. మనం చేసేదేమో తారుమారు. ఇంగ్లీషు బాగా వచ్చినవాడు ఇంగ్లీషుకే ఇంకో కోర్సులో చేరతాడు. రాత్రి ఐదు గంటల నిద్రను మాత్రం ముట్టుకోడు. బాగున్నదానికి మెరుగు పెట్టడం సరదాగా ఉంటుంది, అధ్వానంగా ఉన్నదాన్ని చూడాలంటేనే సిగ్గు. సిగ్గుపడే చోటే మొదలెట్టండి. లీటర్లు అక్కడే ఉన్నాయి.

డ్రైవింగ్ సంగతి కూడా చెప్పాలి. కోపంగా నడిపితే హైవేలో 15 నుంచి 30 శాతం మైలేజీ ఎగిరిపోతుంది. గాలి నిరోధం వేగానికి వర్గంలా పెరుగుతుంది. పైగా ఈ బండికి ఐదు గేర్లే, వంద కిలోమీటర్ల వేగంలో ఇంజిన్ నిమిషానికి మూడు వేల రెండు వందల చుట్లు తిరుగుతూ ఉంటుంది. ఇంకో పొరపాటు మనది. పల్లం వస్తే న్యూట్రల్ చెయ్యడం, ఘాట్ రోడ్డు దిగుతూ ఏకంగా ఇంజిన్ కట్టెయ్యడం. ప్రమాదం సంగతి అటుంచి, ఇంజెక్షన్ బండికి న్యూట్రల్ వల్ల లాభం కూడా లేదు. గేరులో ఉంచి కాలు తీసేస్తే చక్రాలే ఇంజిన్ని తిప్పుతాయి, పెట్రోలు చుక్క పడదు. న్యూట్రల్‌లో మాత్రం ఇంజిన్ ఆరిపోకుండా ఎంతో కొంత తాగుతూనే ఉంటుంది. కాబట్టి దూరంగా ఎర్రలైటు కనబడగానే గేరులోనే కాలు తీసెయ్యమన్నాను. మావాడికి ఇది అన్నిటికన్నా కష్టమైంది. చివరిదాకా దూసుకెళ్లి బ్రేకు కొట్టే అలవాటు. నా రిటైర్మెంటు ఆలోచనలూ అలాగే సాగుతున్నాయి కాబట్టి వాణ్ని పెద్దగా తిట్టలేదు.

కాలిపర్, థర్మోస్టాట్, సెన్సర్ మార్చాక మూడు ట్యాంకుల సగటు 24.4. లీటరుకు పది కిలోమీటర్లు దాటింది. వాడు ఎంత మురిసిపోయాడంటే, తర్వాతి వారం ఏసీ కట్టేసి, మూడో గేరు వెయ్యాల్సిన చోట ఐదో గేరు వేసి ఇంజిన్ని దగ్గిస్తూ, 26 కోసం పిసినారితనం మొదలెట్టాడు. మైలేజీయే కావాలంటే హైబ్రిడ్ కారు కొనుక్కోవచ్చుగా? వృథా పోనివ్వకుండా చూడమన్నాను కానీ, వాడుకోవద్దని కాదు. మిగిలిన పెట్రోలు దేనికో ఒకదానికి కాల్చాలి కదా.

నేను తిరిగొచ్చే ముందు శనివారం పోర్ట్ హ్యూరన్ దాకా వెళ్లి, అక్కణ్నుంచి హ్యూరన్ సరస్సు ఒడ్డు వెంట ఉత్తరానికి సాగే ఎం-25 రోడ్డు పట్టాం. ఎండ బాగుంది. పైకప్పు వెనక్కి మడిచేశాం. పైకప్పు తీస్తే గాలి నిరోధం పెరుగుతుందని నేనే చెప్పబోయి ఊరుకున్నాను. రెండో గేరులో ముల్లు ఆరు వేలు దాటినప్పుడు ఆ చిన్న ఇంజిన్ పాడిన పాటకి, యాభై దాటాయన్న సంగతి ఎవరికి గుర్తు?

సాయంత్రం బంకులో టక్కుమనేదాకా నింపి లెక్క వేశాడు. 21. నోటుపుస్తకం తీసి, కారణం గడిలో రాసి నాకు చూపించాడు: "మావయ్య నడిపాడు."