గోలు కానీయని వారు

గడచిన సంక్రాంతి సెలవులకు ముందు మా మైదానమున ఎనిమిదవ, తొమ్మిదవ తరగతుల బాలురకు ఫుట్‌బాల్ పందెము జరిగెను. మరునాటి ఉదయమున మేము వాడుక చొప్పున నోటీసు బోర్డుమీద ఫలితమును, గోళ్లు కొట్టిన ఇద్దరి పేర్లను వ్రాయించితిమి. మధ్యాహ్నపు విరామమున నొక బాలుడు ఉపాధ్యాయుల గది వాకిట నిలిచి, “సారూ, గోలు కొట్టినోని పేరు రాస్తరు. ఆపినోని పేరెందుకు రాయరు?” అని యడిగెను. ఆ బాలుడు గెలిచిన జట్టులో బ్యాక్‌గా నాడినవాడు. అప్పటికి మాకు తగిన జవాబు తోచలేదు. ఇప్పుడు తోచినంత వరకు ఇందు వ్రాయుచున్నాము.

బ్యాక్ చేయు పని యెట్టిదో మొదట తెలిసికొనవలెను. బంతిని తన్ని దూరముగా పంపుటయే అతని పని యని మన పిల్లలు తలంతురు. అది సగము మాత్రమే. ఆఫ్‌సైడ్ అను నియమము కలదు గదా. ఎదిరివారి అర్ధభాగములో, బంతి తనవాని కాలినుండి వెడలు క్షణమున, బంతికంటెను, ఎదిరి జట్టులో చివరినుండి రెండవవానికంటెను గోలుగీతకు దగ్గరగా నున్న ఆటగాడు ఆఫ్‌సైడ్‌లో నున్నట్లు లెక్క. కావున బ్యాకులు నలుగురు ఒక్క గీతగా నిలిచి, ఒక్క క్షణమున ఒక్క అడుగు ముందునకు వేసినచో శత్రువు చిక్కువడును. నలుగురిలో ఒక్కడు ఆలస్యము చేసెనా, ఆ ఒక్కని వెనుకబాటే శత్రువునకు రాజమార్గమగును. ఫార్వర్డు పదిమార్లు తప్పి ఒకమారు గోలు కొట్టిన చాలును, జనులు చప్పట్లు కొట్టుదురు. బ్యాక్ పదిమార్లు ఆపి ఒకమారు తప్పినచో ఆ తప్పే జ్ఞాపకముండును. ఇది న్యాయము కాదు గాని, ఆట యట్లున్నది.

పూర్వము బ్యాకులు ఇద్దరే యుండిరి, ఫార్వర్డులు అయిదుగురు. క్రమముగా ఆట రూపు మారెను. 1958లో బ్రెజిలు దేశమువారు నలుగురు బ్యాకులు, ఇద్దరు నడిమివారు, నలుగురు ముందువారు అను పద్ధతితో ప్రపంచ కప్పును గెలిచినది మొదలు వెనుక వరుసకు మన్నన హెచ్చెను. 1970లో మెక్సికో నగరమున ఇటలీపై 4–1తో గెలిచి కప్పునెత్తిన బ్రెజిలు నాయకుడు కార్లోస్ అల్బెర్టో టోరెస్ కూడ బ్యాకే. పేలే వంటివాడు జట్టులో నుండగా నాయకత్వము వెనుక నిలుచువానికి దక్కుట గమనింపదగినది. ఆ ఫైనలులో కడపటి గోలును, పేలే జరిపిన బంతిని అందుకొని, తానే పరుగెత్తివచ్చి కొట్టెను.

అదే 1970లో, డిసెంబరు మాసమున, బ్యాంకాకు ఆసియా క్రీడలలో భారతదేశపు జట్టుకు నాయకుడైనవాడు మన హైదరాబాదువాడగు సయ్యద్ నయీముద్దీన్. అతడును బ్యాకే. టోరెస్‌వలెనే 1944లో పుట్టినవాడు. హైదరాబాదు మైదానములలో ఆట నేర్చి, 1966లో కలకత్తా ఈస్ట్ బెంగాల్ క్లబ్బులో చేరి, తరువాత మోహన్ బగాన్, మహమ్మదన్ స్పోర్టింగ్ జట్లలో కూడ ఆడెను. ఆ పట్టణమున ఈ మూడు క్లబ్బుల అభిమానులు ఒకరినొకరు సహింపరు. మూడింటిచేతను పిలిపించుకొనుట ఎంత కష్టమో అక్కడ కొంతకాలము నివసించినవారికి గాని తెలియదు.

బ్యాంకాకు క్రీడలలో మనవారు జపానుతో రెండుమారులు తలపడిరి. ఆ జపాను జట్టు సామాన్యమైనది కాదు. రెండేండ్ల క్రిందటనే, 1968 మెక్సికో ఒలింపిక్సులో, కంచు పతకము గెలిచిన దేశము. మొదటిమారు మనవారు 1–0తో ఓడిరి. సెమీఫైనలులో బర్మాచేత 2–0తో ఓడి, మూడవ స్థానమునకై మరల ఆ జపానుతోనే ఆడవలసివచ్చెను. ఓడిన జట్టుచేతిలో మరల ఓడుదుమేమోయను భయము ఎట్టివానికైనను సహజము. ఈమారు మంజీత్ సింగు గోలు కొట్టెను, వెనుక గీత తెగలేదు, 1–0తో గెలుపు మనదయ్యెను. ఆ జట్టులో హైదరాబాదువాడే యగు మహమ్మద్ హబీబ్ కూడ నుండెను. ఆ యేటనే నయీముద్దీనునకు అర్జున పురస్కారము లభించెను. 2023లో హాంగ్‌జౌలో జరిగిన క్రీడలవరకును చూడగా, ఆసియా క్రీడల పురుషుల ఫుట్‌బాలులో మన దేశము గెలిచిన కడపటి పతకము అదియే.

ఇట్టివాడు కాళ్లు అలసిన పిదప శిక్షకుడగుటలో వింత లేదు. ఫార్వర్డు గోలువైపే చూచును. బ్యాక్ కన్నులయెదుట ఆట యంతయు పరచినట్లుండును. ఎవడు చోటు తప్పెనో, ఎవడు అలసెనో, ఎవనికి కేక వేయవలెనో అతనికే మొదట తెలియును. అతడు కోచ్ కాకపూర్వమే సగము కోచ్.

హైదరాబాదునకు కోచింగు విద్యలో గొప్ప వారసత్వము కూడ నుండెను. సయ్యద్ అబ్దుల్ రహీం వృత్తిచేత బడిపంతులు. ఈ మాట వ్రాయునపుడు మాకు కొంచెము గర్వము కలుగుచున్నది, చదువరులు మన్నింతురుగాక. ఆయన శిక్షణలో హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగా అయిదేండ్లు రోవర్సు కప్పును గెలిచెను. భారత జట్టు 1951లో ఢిల్లీలోను, 1962లో జకార్తాలోను ఆసియా క్రీడల బంగారు పతకములు గెలిచెను. జకార్తాలో తలకు గాయమై కుట్లు పడిన జర్నైల్ సింగు అను బ్యాకును ఆయన ముందువరుసకు మార్చెను. దక్షిణ కొరియాతో జరిగిన ఫైనలులో ఆ గాయపడిన బ్యాకే ఒక గోలు కొట్టగా మనవారు 2–1తో గెలిచిరి. మరుసటి యేడు, 1963లో, రహీం గతించెను.

నయీముద్దీన్ కోచ్‌గా పేరు పొందినది ముఖ్యముగా కఠినమైన క్రమశిక్షణకు. వేళకు రాకపోయినను, చెప్పినట్లు పరుగెత్తకపోయినను ఎంతటి పేరున్న ఆటగాడైనను ఆయనయెదుట తప్పించుకొనలేడని ప్రసిద్ధి. 1990లో ఆయన శిక్షణలో ఈస్ట్ బెంగాల్ జట్టు ఐ.ఎఫ్.ఏ. షీల్డును, డ్యూరాండు కప్పును, రోవర్సు కప్పును, మూడింటిని ఒకే యేట గెలిచెను. ఆయనకు ద్రోణాచార్య పురస్కారము ఈయబడినది కూడ 1990లోనే. ఫుట్‌బాల్ శిక్షకునకు ఆ గౌరవము దక్కుట అదియే ప్రథమము. తరువాత బంగ్లాదేశమునను శిక్షణ యిచ్చెను. భారత జట్టునకు కోచ్‌గా 1997లో కాట్మండులోను, 2005 డిసెంబరులో కరాచీలోను దక్షిణాసియా కప్పును గెలిపించెను.

ఇంతవరకు వ్రాసి ఊరకుండుట సులభము. పిల్లలకు పెద్దల జయములు మాత్రమే చెప్పుట మా వృత్తిలో పాత అలవాటు. కాని కరాచీ గెలుపునకు రెండు నెలలు దాటగనే, 2006 ఫిబ్రవరి 22వ తేదీన, యొకొహామాలో నయీముద్దీన్ జట్టు జపానుతో ఆడి 6–0తో ఓడెను. ఏ జపానును మూడవ స్థానపు ఆటలో నాయకుడుగా ఒక్క గోలైనను కొట్టనీయక నిలువరించెనో, ఆ జపానే ముప్పదియైదేండ్ల తరువాత కోచ్‌గా నున్న ఆయన కన్నులయెదుట ఆరు గోళ్లు కొట్టెను. ఆ యేటనే ఆయన స్థానమున ఇంగ్లీషువాడగు బాబ్ హౌటన్ నియమింపబడెను.

బ్రెజిలువాని కథయు ఇట్టిదే. టోరెస్ కోచ్‌గా 1983లో ఫ్లమెంగో జట్టుకు బ్రెజిలు జాతీయ ఛాంపియనుషిప్పును గెలిపించెను. పిమ్మట అజర్‌బైజాను దేశపు జట్టుకు కోచ్‌గా నుండగా, 2005 మార్చిలో పోలండుచేత 8–0తో ఓడవలసివచ్చెను. ఆ యేడే ఆ పదవి విడిచెను. 2016లో మరణించెను.

ఈ ఓటములు ఆ మనుష్యుల తప్పా? మేము కాదందుము. 1970కిని 2006కిని నడుమ జపాను ఊరకుండలేదు. 1993లో పది క్లబ్బులతో వృత్తి ఆటగాండ్ర లీగును మొదలుపెట్టెను. 2002లో కొరియాతో కలిసి ప్రపంచ కప్పునే తమ దేశమున జరిపించెను. మన దేశమున జాతీయ లీగు పేరుకు 1996లో వచ్చెను గాని, దాని వెనుక నుండవలసిన బడి మైదానములు, జిల్లా పోటీలు పెరుగలేదు. ఒకప్పుడు ఒలింపిక్సుకు పెక్కుమంది ఆటగాండ్రను పంపిన హైదరాబాదే వెనుకబడెను. కోచ్ ఎంత కఠినుడైనను, బాలునికి పండ్రెండేండ్ల వయస్సున దొరకని మైదానమును ఇరువదియైదేండ్ల వయస్సున కేకలువేసి తెచ్చియీయలేడు. ఆయన క్రమశిక్షణ కొంత పాతకాలపుదనియు, ఆట యింకను మార్పు కోరెననియు అనినవారు కూడ కలరు. అందులో కొంత నిజముండవచ్చును. వెనుక గీతను సరిగా నిలుపువాడు ముందునకు పోవు మార్గమును కూడ అంత చక్కగా కనిపెట్టునని నియమమేమియు లేదు.

మన సుల్తానాబాదులో పిల్లలకు స్థలము కొదువలేదు. వరికోతలైన పిదప మడులన్నియు మైదానములే. కొదువయైనది వేరు. ఆట జరుగుచుండగా తండ్రులు గట్టుమీద నిలిచి, “మావాడు ముందట ఆడుతలేడేంది సారూ?” అని మమ్ము అడుగుదురు. కుమారుడు వెనుక నుండుట వారికి చిన్నతనముగా తోచును. నయీముద్దీన్ వెనుకనే యాడి దేశమునకు నాయకుడయ్యెనని చెప్పినచో కొందరు నవ్వుదురు, కొందరు ఆ పేరే వినలేదందురు.

ఆ బాలుని ప్రశ్నకు జవాబుగా మేము ఒక చిన్న పని చేసితిమి. స్కోరు పుస్తకములో గోళ్ల గడి ప్రక్కన మరియొక గడి గీయించితిమి. ఆపబడిన బంతులను, ఆపినవారి పేర్లను అందు వ్రాయుటకు తొమ్మిదవ తరగతి బాలునొకనిని గీతయొద్ద కూర్చుండబెట్టితిమి. మొదటి పందెమున అతడు సగము ఆటకే గడి నిండిపోయెననియు, ఇంకొక కాగితము కావలెననియు అడిగెను.