ముట్లుడిగాక మరక కనబడితే

చెల్లీ, పొందూరులో రాట్నాల దగ్గర కూర్చుంటే మన ఆడాళ్ల నోట పడని సంగతి ఉండదు. గర్భసంచి ముఖద్వారం కేన్సర్ మాటొస్తే మాత్రం గొంతులు తగ్గిపోతాయి. "అది అలాంటోళ్లకే వస్తాదట కదప్పా?" అంటారెవరో.

ఎలాంటోళ్లకి? ఒక్క మొగుడితో కాపురం చేసినావిడకీ వస్తుంది. దాదాపు ఈ కేన్సర్లన్నిటికీ మూలం హెచ్‌పీవీ అనే వైరస్. కాపురం చేసేవాళ్లలో చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు అంటుతుంది, ఎప్పుడంటిందో ఆలుమగలిద్దరికీ తెలీదు. ఎక్కువమందికి ఒకటి రెండేళ్లలో దానంతటదే పోతుంది. కొందరిలోనే, ముఖ్యంగా ఆ వైరస్‌లో 16, 18 రకాలు, తిష్ఠ వేసుక్కూర్చుంటాయి. అది ముదిరి కేన్సరవడానికి మామూలుగా 15, 20 ఏళ్లు పడుతుంది. ఈ లంకె పట్టుకున్న జర్మనీ శాస్త్రవేత్త హరాల్డ్ జుర్ హౌజెన్‌కి 2008లో నోబెల్ ఇచ్చారు. నాకు మాత్రం ఆ నోబెల్ కన్నా, ముదరకముందే పట్టుకోవడానికి దొరికే ఈ 15 ఏళ్ల గడువే గొప్పగా తోస్తుంది.

వాలుగ చేప దవడతో పత్తి దువ్వి, కంటికానని నలకని కూడా వదలని చేతులు మనవి. ఒంటి దగ్గరకొచ్చేసరికి ఆ ఓపికంతా ఏమైపోతుందో! 30 దాటాక పరీక్ష చేయించుకోవాలి. వెనిగర్‌లో ఉండే ఆమ్లమే ముఖద్వారం మీద పలచగా రాసి, తెల్లమచ్చ తేలుతుందేమో చూస్తారు. లేదా చిన్న బ్రష్‌తో నమూనా తీసి వైరస్ కోసం పరీక్షిస్తారు. ఆలుమగలు కలిసాక రక్తం, వాసనొచ్చే తెల్లబట్ట, ముట్లుడిగాక మరక కనబడేదాకా ఆగితే చాలాసార్లు ఆలస్యమైపోయి ఉంటుంది.

గుంటలకి ఈ హెచ్‌పీవీ రాకుండా వేసే టీకా అంటే తల్లులు జంకుతారు. ఊరికే కాదు. 2009లో ఖమ్మం జిల్లాలో పాత్ అనే సంస్థ, ఐసీఎంఆర్, ప్రభుత్వం కలిసి ఆడపిల్లలకు ఈ టీకా వేయించాయి. కొందరు పిల్లలు చనిపోయారు, 2010లో అంతా ఆపేశారు. ఆ చావులకు టీకా కారణం కాదని విచారణలో తేలింది. కానీ తల్లిదండ్రులను అడక్కుండా హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టడం ముమ్మాటికీ తప్పే. ఆ కోపం న్యాయమైనదే. దాన్ని పట్టుకుని మన పిల్లకి టీకా మానేస్తే నష్టం మాత్రం పిల్లకే. 9 నుంచి 14 ఏళ్ల మధ్య, వైరస్ అంటకముందే వేయిస్తే బాగా పనిచేస్తుంది. వేయించుకున్నా పెద్దయ్యాక పరీక్ష మానకూడదు.

ముట్టు రోజుల్లో పరీక్ష చెయ్యరు, లెక్క చూసుకుని రోజు చెప్పు, శ్రీకాకుళం పెద్దాసుపత్రికి కలిసే వెళ్దాం. మీ అత్తని కూడా బయల్దేరదియ్యి. "ముట్లుడిగిపోయాయి, నాకెందుకే?" అంటుంది. ఆవిడకే ముందు చేయిద్దాం.