మూడు అంగీలు

(శీతకాల పాఠము)

చదువవలసిన వాక్యభాగములు: 1 సమూయేలు 2:18–21, అపొస్తలుల కార్యములు 9:36–42, 2 తిమోతి 4:9–13, 21.



వరికోతలు ముగింపునకు వచ్చినవి. తెల్లవారుజామున మంచు పొలములమీద పొగవలె నిలుచుచున్నది. వాకిండ్లలో చలిమంటలు వేసికొని పెద్దలు చేతులు కాచుకొనుచున్నారు. మన యౌవనస్థులు రాత్రివేళ గుడిలో కూడి క్రిస్మసు పాటలు సాధన చేయుచున్నారు. ఇట్టి దినములలో మనము ధ్యానింపదగిన సంగతి ఒకటి కలదు. సంతోషము ఎక్కడ దొరకును? అది డబ్బుగలవారికే దొరకునా?

క్రిందటి డిసెంబరులో ఆరాధన ముగిసిన తరువాత ఒక పడుచువాడు నా యొద్దకు వచ్చి, “టౌను సంఘం వాళ్లు బస్సేసుకుని అరకు వెళ్తున్నారండి. మనకేముందండి, అయ్యగారూ?” అని అడిగెను. నేను వెంటనే జవాబు చెప్పలేకపోతిని. అయితే ఆ వారములోనే నాకు జవాబు ఇంటికి నడచి వచ్చెను. వచ్చినది జవాబని నేను గుర్తింపలేదు.

మన పేట చివర ఒంటరిగా నున్న వృద్ధురాలు ఒకామె శనివారము సాయంకాలము మా ఇంటికి వచ్చెను. చంకలో మడత పెట్టిన బొంత యొకటి ఉండెను. ఆదివారము చీకటితోనే నేను మోటారుసైకిలు మీద పొరుగు గ్రామముల ఆరాధనకు వెళ్లుట ఆమె చూచుచుండెడిది. చలికి కప్పుకొనుటకని తన పాత చీరలు నాలుగు కలిపి నాకొరకు కుట్టి తెచ్చినది. నేను ఆమె పేదరికమును తలంచి, “నాకెందుకు మామ్మా, ఇంట్లో రగ్గులున్నాయి. నువ్వే కప్పుకో” అని చెప్పితిని. అది ప్రేమయే అనుకొంటిని. ఆమె మారు మాటాడక, బొంతను మరల చంకలో పెట్టుకొని వెళ్లిపోయెను. పొయ్యి యొద్దనుండి నా భార్య ఇదంతయు వినుచుండెను. “ఆ కళ్లతో రెండు నెలలు కుట్టిందండి. మీరు విప్పి కూడా చూడలేదు” అనెను.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. లేచి దీపము వేసి గ్రంథము తెరచితిని. ఎదుటనున్న పుటలో ఒక అంగీ కనబడెను. దానిని తలంచుచుండగా రెండవది, రెండవదాని వెంట మూడవది జ్ఞాపకమునకు వచ్చెను. ఆ మూడు అంగీలనే నేడు మీ ముందు పెట్టుచున్నాను.

1. హన్నా కుట్టిన చిన్న అంగీ

సమూయేలు పసివాడై షిలోహులో ఏలీ యొద్ద పరిచర్య చేయుచుండెను. తల్లి ఏటేట ఒక చిన్న అంగీ కుట్టి, బలి అర్పించుటకు పెనిమిటితో కూడ వెళ్లునప్పుడు తీసికొనిపోయి వానికిచ్చుచుండెను. వాక్యము చెప్పినది ఇంతమాత్రమే. తల్లులారా, మీరు దీనిని బాగుగా గ్రహింపగలరు. బిడ్డ కన్నులయెదుట లేడు. ఏడాదిలో ఎంత ఎదిగెనో, భుజములు ఎంత వెడల్పైనవో ఆమెకు తెలియదు. కొలత ఎట్లు తీసికొనెను? బహుశ పొరుగింటి ఈడుపిల్లవానిని నిలువబెట్టి చూచి యుండును. కొంచెము వదులుగానే కుట్టి యుండును. ప్రతి కుట్టునకు ఆ బిడ్డను తలంచుకొనియే యుండును. చేతితో చేసిన వస్తువులో గుడ్డ, దారము మాత్రమే కాదు, మనలను ఒకరు తలంచుకొనిన గడియలు కూడ ఉన్నవి.

ఇంకొక సంగతి గమనించుడి. మొదటి అధ్యాయములో కూడ హన్నా ఏటేట ఈ త్రోవనే వెళ్లెను. అప్పుడు పెనిన్నా ఆమెను విసికించుచుండెను. హన్నా భోజనము మాని ఏడ్చుచుండెను. రెండవ అధ్యాయములోను అదే రామా, అదే షిలోహు, అదే బండలు, అదే దుమ్ము. త్రోవ మారలేదు. అయితే ఇప్పుడు ఆమె చేతిలో ఒక మూట ఉన్నది, త్రోవ చివర ఆమె కొరకు ఎదురుచూచు బిడ్డ ఉన్నాడు. ప్రార్థన ఆలకించిన దేవుడు ఆమె కన్నీటి త్రోవనే పండుగ త్రోవగా మార్చెను.

సమూయేలు పెద్దవాడై ప్రవక్తయైన తరువాత సౌలు పట్టుకొనగా చినిగిన వస్త్రమునకు (1 సమూ. 15:27) హెబ్రీ భాషలో వాడిన మాట, ఈ చిన్న అంగీకి వాడిన మాట ఒక్కటే. తల్లి తొడిగిన అలవాటు ముసలితనమువరకు నిలిచినది కాబోలు.

2. దొర్కా కుట్టిన అంగీలు

యొప్పే సముద్రతీరపు పట్టణము. అక్కడ తబితా అను దొర్కా కాయిలాపడి చనిపోయెను. శిష్యులు ఇద్దరు మనుష్యులను లుద్దకు పంపి పేతురును పిలిపించిరి. లుద్దకు యొప్పేకు నడుమ సుమారు 17, 18 కిలోమీటర్లు. పేతురు ఆలస్యము చేయక లేచి వారితో నడచి వచ్చెను. మేడగదిలో విధవరాండ్రు ఆయన చుట్టు నిలిచి, దొర్కా తమతో కూడ ఉన్నప్పుడు కుట్టిన అంగీలను వస్త్రములను చూపుచు ఏడ్చిరి. గ్రీకు మాటను బట్టి, వారు తమ ఒంటిమీద నున్నవాటినే చూపిరని కొందరు పండితుల తలంపు. ఆమె దానధర్మములకు లెక్క పుస్తకము ఎవరును తేలేదు. ఆ విధవరాండ్ర ఒళ్లే లెక్క పుస్తకము.

దొర్కా ప్రసంగించినట్లు వ్రాయబడలేదు. ఆమె చేతిలో సూది ఉండెను, ఎదుట చలికి వణకువారు ఉండిరి. అది చాలెను. మన తెలుగు దేశములో కూడ సూదిపని, అల్లికపని సంఘ చరిత్రలో చేరియున్నవి. నరసాపురము ప్రాంతపు స్త్రీలు 19వ శతాబ్దములో మిషనరీ కుటుంబముల యొద్ద నేర్చుకొనిన లేసు అల్లిక నేటికిని నిలిచియున్నది. 2024లో దానికి భౌగోళిక గుర్తింపు లభించెను. అయితే అల్లినవారి చేతికి వచ్చిన కూలి మాత్రము తరతరములుగా కొంచెమే. కాబట్టి చేతిపనిని మెచ్చుకొనువారలారా, సంతలో బుట్టలల్లిన వానితోను, చాపనేసిన దానితోను పది రూపాయలకై గీచి గీచి బేరమాడకుడి. ఆ చేతికి న్యాయముగా ఇచ్చుట కూడ క్రిస్మసు కానుకయే.

3. పౌలు అడిగిన అంగీ

మూడవ అంగీ త్రోయలో కర్పు ఇంట మిగిలిపోయినది. పౌలు రోమాలో సంకెళ్లతో ఉన్నాడు. దేమా విడిచిపోయెను, లూకా ఒక్కడే దగ్గర ఉన్నాడు. పౌలు తిమోతికి వ్రాయుచు, వచ్చునప్పుడు ఆ అంగీని, పుస్తకములను, చర్మపు కాగితములను తెమ్మనెను. చలికాలము మొదలుకాక ముందే రావలెనని బ్రతిమాలెను. దీనికి కారణము కలదు. ఆ కాలమున నవంబరు నడుమనుండి మార్చి మొదటి దినములు దాటువరకు సముద్రముమీద ఓడల రాకపోకలు చాలమట్టుకు నిలిచిపోయెడివి. తిమోతి ఆ ఓడ తప్పిపోయినచో మరల వసంతకాలమువరకు రాలేడు. పౌలు అడిగిన అంగీ, మన గొల్లవారి గొంగళివలె దళసరియైనది. నడుమ తల దూర్చుటకు సందు ఉండును. రాతి చెరసాలలో ముసలివానికి దాని అవసరము ఎంతటిదో చెప్పనక్కరలేదు.

ఇంతకాలము నేను ఈ వాక్యమును తిమోతి ప్రక్కన నిలిచి చదివితిని, అనగా ఆలస్యము చేయక వెళ్లవలెననియే బోధించితిని. ఆ రాత్రి పౌలు ప్రక్కన నిలిచి చదివితిని. సంఘములను స్థాపించిన అపొస్తలుడు, మూడవ ఆకాశమువరకు కొనిపోబడిన అనుభవము గలవాడు, “నాకు చలిగా నున్నది, నా అంగీ తెచ్చిపెట్టు” అన్నట్లుగా అడుగుటకు సిగ్గుపడలేదు. నేనో, అడుగకయే ఇంటికి వచ్చిన బొంతను త్రిప్పి పంపితిని. ఇచ్చువాడనుగా ఉండుటకు అలవాటుపడినవాడను, పుచ్చుకొనువాడనుగా ఉండుటకు నాకు మనసు రాలేదు. అది ప్రేమ కాదు, గర్వమని ప్రభువు నాకు చూపెను. పేదవారి యొద్ద ఏమియు పుచ్చుకొననివాడు వారికి ఎంత ఇచ్చినను, ఇచ్చుటలోని సంతోషమును వారికి దక్కనీయడు.

త్రోవలో దొరికిన సంతోషము

సోమవారము సాయంకాలము బండి తీయక నడచియే ఆమె ఇంటికి వెళ్లితిని. ఆమె పొయ్యిలో కంపపుల్లలు ఎగదోయుచుండెను.

“మామ్మా, నా బొంత ఏది?” అని అడిగితిని.

“వద్దన్నారుగా అయ్యగారూ,” అనెను, తల ఎత్తకుండనే.

“తప్పయిపోయింది మామ్మా. చలి మాత్రం పోలేదు.”

అప్పుడు ఆమె నవ్వి లేచెను. మంచముమీద బొంత పరచి, ఒక్కొక్క ముక్కమీద చేయి వేసి చూపెను. ఈ పచ్చ ముక్క కూతురి పెండ్లినాడు కట్టినది. ఈ గళ్ల ముక్క భర్త చివరి కోతకూలితో కొని తెచ్చినది. ఈ తెల్లనిది తాను బాప్తిస్మము పొందిన దినపు చీర. సూదిలో దారము ఎక్కించుటకు కన్నులు చాలక, బడినుండి వచ్చు పొరుగింటి పిల్లను దినదినము పిలిచెనట. ఆ పిల్ల కూర్చుండి పాఠము చదువుకొనుచు, దారము అయిపోయినప్పుడెల్ల మరల ఎక్కించి ఇచ్చెడిదట. చెప్పుచున్నంతసేపు ఆమె ముఖము వెలుగుచుండెను. బెల్లపు టీ పెట్టి ఇచ్చెను. ఒక గంట కూర్చుండి, ప్రార్థన చేసి, బొంత భుజములమీద వేసికొని మంచులో ఇంటికి నడచితిని. ఆ త్రోవ నేను నూరుసార్లు నడచినదే. అయితే అట్టి సంతోషముతో ఎన్నడును నడువలేదు. హన్నా త్రోవ ఎట్లు మారెనో నాకు అప్పుడు తెలిసినది.

మరుసటి ఆదివారము ఆ పడుచువానిని పిలిచి, “మనకేముందని అడిగావుగదా. కాళ్లున్నాయి, చేతులున్నాయి, మన కోసం ఎదురు చూసే వాళ్లున్నారు” అని చెప్పితిని.

మనము చేయదగినవి

ప్రియులారా, దూరప్రయాణము చేయుట తప్పు కాదు. వీలున్నవారు అరకు కొండలు చూడుడి, దేవుని చేతిపనిని చూచి స్తుతించుడి. వీలున్నవారు క్రిస్మసునకు మెదకు దేవాలయమునకు వెళ్లుడి. ఆ గొప్ప కట్టడము కూడ ఆకలిగొన్నవారి చేతిపనియే. చార్లెస్ వాకర్ పోస్నెట్ దొరగారు కరవు కాలమున ప్రజలకు పని కల్పించి దానిని కట్టించిరి. 1914లో ఆరంభమైన ఆ పని ముగిసి, 1924 డిసెంబరు 25న అది ప్రతిష్ఠింపబడెను. అయితే వెళ్లునప్పుడు బస్సులో ఒక చోటు, ఎన్నడును ఊరు దాటని ఒక ముసలమ్మకో తాతకో ఉంచుడి. మీరు చూచినదానికంటె వారు చూచుట మీకు ఎక్కువ సంతోషము కలిగించును.

ఊరిలోనే ఉండువారు వెదురు బద్దలు చీల్చి, రెండు త్రికోణములు కట్టి, రంగు కాగితము మైదా జిగురుతో అంటించి నక్షత్రము చేయుడి. కొనినదానికంటె అది కొంచెము వంకరగా నుండవచ్చును. దానిని మీ ఇంటికే కాక, చేయలేనివారి వాకిట కూడ కట్టుడి. పాటలు పాడుచు తిరుగునప్పుడు, చందా ఎక్కువ ఇచ్చు ఇంటి యొద్ద ఎక్కువసేపును, విధవరాలి గుమ్మము యొద్ద ఒక్క చరణమును పాడి పోకుడి. ఫోనులో వచ్చిన శుభాకాంక్షల బొమ్మను నూరుమందికి పంపుట సులువే. ఆ నూరుమందిలో ఒకరి ఇంటికి నడచి వెళ్లుడి. మరియు మీకు ఎవరైన చేతితో చేసిన దేదైన తెచ్చినయెడల, వద్దనకుడి. విప్పి చూడుడి.

మొదటి క్రిస్మసును తలంచుకొనుడి. మరియయు ప్రయాణములోనే ఉండెను. సత్రములో స్థలము లేదు. ఆమె తన చేతులతోనే బిడ్డను పొత్తిగుడ్డలలో చుట్టి తొట్టిలో పరుండబెట్టెను. లోకములన్నిటిని చేసిన ప్రభువు, ఒక పేద తల్లి చుట్టిన గుడ్డను వద్దనలేదు. పరలోకమునుండి మన యొద్దకు ప్రయాణమై వచ్చినవాడు, మన చేతినుండి పుచ్చుకొనుటతోనే తన జీవితమును ఆరంభించెను. ఆయన పుచ్చుకొనెను గనుక మన చిన్న కానుకలు ఏవియు వ్యర్థము కావు.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. హన్నా మొదట ఏడ్చుచు వెళ్లిన త్రోవ తరువాత సంతోషపు త్రోవ ఎట్లాయెను? మీ జీవితములో అట్టి త్రోవ ఏది?

2. దొర్కా గూర్చి విధవరాండ్రు చూపిన సాక్ష్యము ఏది? మన సంఘములో మీ చేతిపని ఎవరి యొద్ద ఉన్నది?

3. ఇచ్చుట, పుచ్చుకొనుట, ఈ రెంటిలో మీకు ఏది కష్టము? ఎందుకు?

4. చలికాలము ముగియక ముందు మీరు నడచి వెళ్లవలసిన ఇల్లు ఏది?

ప్రార్థన

మా కొరకు ప్రయాణమై వచ్చిన ప్రభువా, మా కాళ్లను పొరుగువాని ఇంటివైపు త్రిప్పుము. మా చేతులకు పని నేర్పుము. ఇచ్చునప్పుడు గొప్పతనమును, పుచ్చుకొనునప్పుడు సిగ్గును మాలోనుండి తీసివేయుము. ఈ చలి దినములలో ఒంటరిగా నున్నవారిని మేము మరువకుండునట్లు చేయుము. నీవిచ్చు సంతోషమును మా త్రోవలోనే మేము కనుగొనునట్లు మా కన్నులు తెరువుము. యేసు నామమున అడుగుచున్నాము. ఆమేన్.