పగలు ఊపిరి బిగబట్టే చేప: వెచ్చని సముద్రాల కాడ్లెట్లు

మందుల షాపులో అమ్మే కాడ్ లివర్ ఆయిల్ పేరు వినని వారు తక్కువ. ఆ నూనె ఇచ్చే కాడ్ చేపను మాత్రం మనలో ఎక్కువ మంది చూసి ఉండరు. అది ఉత్తర అట్లాంటిక్ చలి నీళ్లలో, నార్వే, ఐస్‌లాండ్, కెనడా తీరాల్లో బతికే చేప. మీటరుకు మించి పెరుగుతుంది. దాని బంధువులైన హేక్, హాడక్, పొలాక్ కూడా ఎక్కువగా చలి సముద్రాల చేపలే. శాస్త్రవేత్తలు వీటన్నిటినీ గాడిఫార్మిస్ అనే క్రమంలో చేర్చారు. ఆ క్రమంలో 500కు పైగా జాతులు ఉన్నాయి. వాటిలో చాలా భాగం చల్లని నీళ్లనో, చీకటిగా ఉండే లోతులనో ఎంచుకున్నాయి.

ఒక చిన్న కుటుంబం మాత్రం వేరే దారి పట్టింది. దాని పేరు బ్రెగ్మాసెరోటిడే. మామూలు వాడుకలో కాడ్లెట్లు, అంటే బుల్లి కాడ్‌లు. అన్నీ ఒకే ప్రజాతికి చెందినవి, జాతులు దాదాపు 15. ఉష్ణ, ఉపోష్ణ మండల సముద్రాలన్నిటిలోనూ ఇవి ఉన్నాయి. అరేబియా సముద్రంలో ఉన్నాయి, బంగాళాఖాతంలోనూ ఉన్నాయి. పెద్దవి కూడా జానెడుకు మించవు. చాలా జాతులు మన వేలి పొడవుకు అటూఇటూగానే ఆగిపోతాయి.

అసలు శాస్త్రం ఈ కుటుంబాన్ని మొదట గుర్తించింది మన ఉపఖండం నుంచి వెళ్లిన చేపలోనే. గంగానది సముద్రంలో కలిసే చోట దొరికిన ఒక చేపను 1840లో ఐర్లండ్‌లోని బెల్‌ఫాస్ట్‌కు చెందిన ప్రకృతి శాస్త్రవేత్త విలియం థాంప్సన్ వర్ణించాడు. అప్పటిదాకా తెలిసిన ఏ ప్రజాతిలోనూ అది ఇమడలేదు. అందుకని బ్రెగ్మాసెరాస్ అనే కొత్త ప్రజాతిని ఏర్పరిచాడు. గ్రీకులో బ్రెగ్మా అంటే తల ముందు భాగం, కెరాస్ అంటే కొమ్ము. జాతికి మెక్‌క్లెలాండీ అని పేరు పెట్టాడు. ఈస్ట్ ఇండియా కంపెనీలో వైద్యుడిగా పనిచేస్తూ భారతదేశపు మంచినీటి చేపల మీద పుస్తకం రాసిన జాన్ మెక్‌క్లెలాండ్‌కు అది గౌరవం.

కొమ్ము అన్నది నిజానికి కొమ్ము కాదు. చేప వీపు మీద ఉండే మొదటి రెక్క ఈ కుటుంబంలో ఒకే ఒక్క పొడవాటి పోగుగా మారి, వీపు వదిలి నడినెత్తి మీదికి చేరింది. అందుకే ఇంగ్లిషులో దీన్ని యునికార్న్ కాడ్, అంటే ఒంటికొమ్ము కాడ్ అంటారు. వీపు మీది రెండో రెక్క, పొట్ట కిందుగా సాగే రెక్క ఒకదానికొకటి అద్దంలో ప్రతిబింబాల్లా ఉంటాయి. రెండూ పొడవైనవే, రెండిటికీ నడుమ భాగం పల్లంగా ఉంటుంది. గొంతు కింద నుంచి బయల్దేరే జత రెక్కల పోగులు సన్నగా, పొడవుగా వెనక్కి వేలాడతాయి. చాలా కాడ్‌లకు గడ్డం కింద ఉండే చిన్న మీసం వీటికి లేదు. చూడగానే కాడ్ అనిపించే పోలిక ఏమీ లేని ఈ చేప ఆ క్రమంలో సరిగ్గా ఎక్కడ ఇమడాలన్నదానిపై చాలాకాలం వాదన నడిచింది. అందులో ఆశ్చర్యం లేదు.

వెలుతురుకూ ఊపిరికీ మధ్య

ఇంత చిన్న చేపకు నడి సముద్రంలో దాక్కోవడానికి రాయి లేదు, నాచు లేదు, బురద లేదు. చుట్టూ నీరు, పైన ఎండ. పగటిపూట పైపొరల్లో ఈదుతూ కనిపిస్తే ఏ పెద్ద చేపకో ఆహారం అయిపోవాల్సిందే. తినవలసిన తిండి, అంటే కోపెపాడ్‌ల వంటి సూక్ష్మ జంతుప్లవకాలు ఎక్కువగా ఉండేది మాత్రం ఆ పైపొరల్లోనే. దీనికి సముద్రంలోని ఎన్నో జీవులు కనుక్కొన్న ఉపాయం ఒకటే. పగలు లోతుకు దిగి చీకట్లో ఉండటం, పొద్దు గూకాక పైకి వచ్చి తినడం, తెల్లవారేలోగా మళ్లీ దిగిపోవడం. భూమ్మీద రోజూ జరిగే జంతు వలసల్లో ఇంతకంటే పెద్దది లేదు.

దీని సంగతి మనుషులకు తెలియడానికి యుద్ధం కారణమైంది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికా నౌకాదళం కోసం కాలిఫోర్నియా తీరంలో ధ్వని తరంగాలతో ప్రయోగాలు చేస్తున్నవారికి, సముద్రపు అడుగు ఇంకా ఎంతో లోతున ఉండగానే మధ్యలో ఏదో పొర నుంచి ప్రతిధ్వని వచ్చింది. అడుగు భాగం కదలదు. ఈ పొర మాత్రం సాయంత్రమైతే పైకి లేచేది, ఉదయం దిగేది. 1945లో స్క్రిప్స్ సంస్థకు చెందిన మార్టిన్ జాన్సన్ అది ప్రాణుల కదలికేనని చూపించాడు. భౌతికశాస్త్రపరంగా కారణం సులువు. చేప మాంసం సాంద్రత నీటికి చాలా దగ్గర, కాబట్టి ధ్వని దాదాపు దాన్ని దాటుకొని పోతుంది. కానీ చేప లోపలి ఈతతిత్తిలో ఉండేది వాయువు. నీటికీ వాయువుకూ సాంద్రతలో, ధ్వని వేగంలో ఉన్న తేడా వల్ల ఆ చిన్న బుడగ ధ్వనిని గట్టిగా వెనక్కి కొడుతుంది. ఈతతిత్తి ఉన్న వేలెడు చేపలు లక్షల్లో గుమిగూడితే ఓడ మీది ఎకో సౌండర్‌లో నేల ఉన్నట్టే కనిపిస్తుంది.

కాడ్లెట్ కూడా ఈ రాత్రి ప్రయాణికులలో ఒకటి. దాని ప్రత్యేకత అది పగలు ఎంచుకొనే చోటులో ఉంది.

దీనికి అందరికంటే స్పష్టమైన సాక్ష్యం వెనెజువెలా తీరంలోని కరియాకో అనే సముద్రపు గుంటలో దొరికింది. సుమారు 1,400 మీటర్ల లోతున్న గుంట అది. చుట్టూ గట్టులా నేల ఎత్తుగా ఉండటం వల్ల లోపలి నీరు బయటి సముద్రంతో కలవదు. పైనుంచి రాలే సేంద్రియ పదార్థాన్ని బాక్టీరియా కుళ్లబెడుతూ ఉన్న ఆక్సిజన్ అంతా వాడేస్తుంది. ఫలితంగా సుమారు 300 మీటర్ల దిగువన ఆక్సిజన్ ఉండదు. కుళ్లిన గుడ్ల వాసన వేసే హైడ్రోజన్ సల్ఫైడ్ ఉంటుంది. అది కణాల్లోని శ్వాసక్రియ ఎంజైమ్‌ను స్తంభింపజేసే విషం. 1970ల తొలి ఏళ్లలో అక్కడ పరిశోధన చేసిన బృందం ఒక ధ్వని పొరను వెంబడించింది. పగలు ఆ పొర ఆక్సిజన్ లేని నీటిలోకి దిగుతోంది. వల వేసి చూస్తే దొరికింది కాడ్లెట్. ఆ కాడ్లెట్‌కు అప్పట్లో వేరే జాతి పేరు పెట్టారు. 1984లో అది కొత్త జాతి అని తేలి బ్రెగ్మాసెరాస్ కాంటోరీ అయింది.

చేప గాలి లేని చోటికి ఎందుకు దిగుతుంది? అక్కడికి దాన్ని తినేవి రావు కాబట్టి. వేగంగా ఈదే పెద్ద చేపలకు ఆక్సిజన్ ఎక్కువ కావాలి. ట్యూనా వంటివి ఊపిరాడని నీటి అంచు దగ్గరే వెనక్కి తిరుగుతాయి. ఆ అంచుకు అవతల ఉండగలిగిన చిన్న చేపకు కాపలా అక్కర్లేని కోట దొరికినట్టే.

అయితే కోటలో ఉండటానికి అద్దె కట్టాలి. ఆక్సిజన్ తక్కువ ఉన్న నీటిలో బతకాలంటే జీవులకు కొన్ని దారులే ఉన్నాయి. ఒకటి కదలకుండా ఉండటం. రెండోది చల్లదనం. శరీర ఉష్ణోగ్రత 10 డిగ్రీలు తగ్గితే చేపల్లో జీవక్రియ వేగం సగానికో, మూడో వంతుకో పడిపోతుంది. అరేబియా సముద్రంలో పైన 28 డిగ్రీలున్న నీరు 200 మీటర్ల దిగువన 15 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది, కాబట్టి లోతుకు దిగడమే ఒక పొదుపు. మూడోది ఆక్సిజన్ లేకుండానే చక్కెరను లాక్టిక్ ఆమ్లంగా విరగ్గొట్టి కొద్దిపాటి శక్తి సంపాదించడం. పరుగు పందెంలో మన కాళ్ల కండరాలు చేసే పని ఇదే. అలా చేసిన అప్పును ఆక్సిజన్ ఉన్న చోటికి వచ్చి తీర్చాలి. రాత్రి పైకి రావడం తిండి కోసమే కాదు, ఊపిరి కోసం కూడా.

మన సముద్రాల్లో

కరియాకో ఒక గుంట మాత్రమే. ఆక్సిజన్ కరువు విశాలంగా పరుచుకొన్న సముద్రం కావాలంటే మన పడమటి తీరం వైపు చూడాలి. అరేబియా సముద్రంలో సుమారు 150 మీటర్ల నుంచి 1,000 మీటర్ల దాకా ఉన్న పొరలో ఆక్సిజన్ అతి తక్కువ. దాని నడిభాగంలో పరికరాలకు దాదాపు అందనంత తక్కువ. ప్రపంచంలోని మందమైన కనిష్ఠ ఆక్సిజన్ పొరల్లో ఇది ఒకటి. నైరుతి రుతుపవనాల కాలంలో అడుగు నీరు తీరం వైపు పొంగినప్పుడు ఈ ఊపిరాడని నీరు లోతు తక్కువ ఉన్న చోట్లకూ చేరుతుంది. గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థకు చెందిన ఎస్.డబ్ల్యు.ఎ. నఖ్వీ బృందం 2000లో నేచర్ పత్రికలో ప్రచురించిన పరిశోధన ఈ తీరపు సమస్య ఎంత తీవ్రమైందో లోకానికి చూపింది.

బంగాళాఖాతం కథ కొంచెం వేరు. ఇక్కడా మధ్య పొరల్లో ఆక్సిజన్ చాలా తక్కువే కానీ, పూర్తిగా అడుగంటదు. అతి స్వల్పంగా మిగులుతుంది. గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి, కృష్ణ తెచ్చే మంచినీరు ఉప్పునీటి కంటే తేలిక కనుక పైన మూతలా పరుచుకుంటుంది. వర్షాకాలం తర్వాత ఈ మూత మరీ బలంగా ఉంటుంది. గాలి ఎంత వీచినా పై నీరు కింది నీటితో కలవడం కష్టం. అంటే పైన ఉన్న ఆక్సిజన్ కిందికి దిగే దారి మూసుకుపోతుంది. ఈ రెండు సముద్రాల్లోనూ కాడ్లెట్లు ఉన్నాయన్నది గుర్తుంచుకోవాలి. అరేబియా సముద్రం పేరు పెట్టుకొన్న జాతి, బ్రెగ్మాసెరాస్ అరబికస్, 1965లో వెలువడిన డానా నౌకాయాత్రల నివేదికలో తొలిసారి వర్ణితమైంది.

వీటిని ఎవరు తింటారు? చాలామందే. ముంబై తీరంలో ప్రసిద్ధమైన బొంబిల్, అదే ఇంగ్లిషులో బాంబే డక్, మన తీరంలో వానమట్ట. దాని కడుపులో దొరికే ఆహారంలో చిన్న రొయ్యలతో పాటు కాడ్లెట్ కూడా ఉంటుందని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ అధ్యయనాలు ఏనాడో నమోదు చేశాయి. మహారాష్ట్ర, గుజరాత్ తీరాల్లో అలల ఆటుపోట్లకు ఎదురుగా నిలబెట్టే డోల్ వలల సంచుల్లోకి బొంబిల్‌తో బాటు కాడ్లెట్లూ వచ్చి పడతాయి. దీనికి బజారులో పెద్దగా విలువ లేదు. మర బోట్లు తెచ్చే పనికిరాని చేపల కుప్పలో కలిసిపోతుంది. ఆ కుప్ప ఎండి, పొడి అయి, కోళ్ల దాణాలోకో, చేపల మేతలోకో వెళుతుంది.  ఒక జాతి తగ్గుతోందో, పెరుగుతోందో చెప్పాలంటే ముందు దాన్ని దాని పేరుతో లెక్కపెట్టాలి. వానమట్ట ధర గురించి ఆలోచించినంతగా వానమట్ట తిండి గురించి ఎవరూ ఆలోచించకపోవడం పొరపాటే.

ఎందుకంటే వీటి ఇల్లు కదులుతోంది. నీరు వేడెక్కే కొద్దీ అందులో కరిగే వాయువు తగ్గుతుంది. మంచినీటిలో 0 డిగ్రీల వద్ద లీటరుకు సుమారు 14.6 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరిగితే, 30 డిగ్రీల వద్ద 7.6 మిల్లీగ్రాములే కరుగుతుంది. ఉప్పునీటిలో ఇంకా తక్కువ. పైగా వేడి నీరు తేలిక కనుక పై పొర, కింది పొర కలవడం కూడా తగ్గుతుంది. 1960 తర్వాత ప్రపంచ మహాసముద్రాలు తమలోని ఆక్సిజన్‌లో 2 శాతానికి పైగా కోల్పోయాయని 2017లో ఒక విస్తృత విశ్లేషణ తేల్చింది. వినడానికి చిన్న అంకె. కానీ అది అన్ని చోట్లా సమానంగా తగ్గదు.

తక్కువ గాలితో బతకగల చేపకు దీంతో లాభమే కదా అనిపించవచ్చు. కొంతవరకు నిజం కూడా. కానీ కనిష్ఠ ఆక్సిజన్ పొర పై అంచు పైకి జరిగితే రాత్రి ఊపిరి తీసుకోవడానికి మిగిలే నీటి పొర పలచబడుతుంది. ఆ పలుచని పొరలోకే ట్యూనాలూ, రిబ్బన్ చేపలూ, వాటిని వెతికే వలలూ వచ్చి ఇరుక్కుంటాయి. పగటి కోట పెద్దదవుతుంది, రాత్రి భోజనశాల ఇరుకవుతుంది. కాడ్లెట్‌కు పగలు దిగవలసిన లోతును నిర్ణయించేది వెలుతురు, ఎంతసేపు ఉండగలదో నిర్ణయించేది ఆక్సిజన్. ఈ రెండు గీతల మధ్య దూరం ఎలా మారుతోందో కొలవడం ఇప్పుడు సాధ్యమే. ఆక్సిజన్ కొలిచే పరికరాలున్న ఆర్గో ఫ్లోట్లు మన చుట్టూ సముద్రాల్లో మునుగుతూ తేలుతూ సమాచారం పంపుతున్నాయి. భారత్ వదిలిన ఆర్గో ఫ్లోట్ల సమాచారాన్ని హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సేకరించి అందుబాటులో పెడుతోంది.

ఈ చేపలు సముద్రాల మార్పులను ఇంతకుముందూ చూశాయి. ప్రతి చేప తలలో సమతౌల్యానికి, వినికిడికి తోడ్పడే చెవిరాళ్లు ఉంటాయి. కాల్షియం కార్బొనేట్‌తో తయారైన గింజంత రాళ్లు అవి. ఎముకలు చెదిరిపోయినా ఇవి బురదలో మిగులుతాయి, ఆకారం చూసి ఏ చేపదో చెప్పవచ్చు. కాడ్లెట్ల చెవిరాళ్లు ఇయోసీన్ కాలం నుంచి, అంటే దాదాపు 5 కోట్ల ఏళ్లుగా శిలల్లో దొరుకుతున్నాయి. మధ్యధరా సముద్రం చుట్టూ, ముఖ్యంగా సిసిలీలో, వాటి అస్థిపంజరాల అచ్చులు కూడా రాళ్ల మీద స్పష్టంగా కనిపిస్తాయి. తర్వాత ఆ సముద్రం నుంచి అవి కనుమరుగయ్యాయి.

ఇప్పుడు తిరిగి వచ్చాయి. ఈ శతాబ్దంలో తుర్కియే, ఇజ్రాయెల్ తీరాల్లో కాడ్లెట్లు వలలకు చిక్కడం మొదలైంది. మొదట్లో వాటిని అట్లాంటిక్ జాతిగా నమోదు చేశారు. అట్లాంటిక్ వైపు నుంచి జిబ్రాల్టర్ గుండా వచ్చి ఉంటాయన్న అర్థం అందులో ఉంది. నమూనాలను మళ్లీ పరిశీలించి, అవి హిందూ మహాసముద్రం, ఎర్రసముద్రాలకు చెందిన బ్రెగ్మాసెరాస్ నెక్టబానస్ అని 2016లో సరిదిద్దారు. అంటే అవి వచ్చిన దారి సూయజ్ కాలువ.