కార్డు ఒకటే, అంకెలు వేరు

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో సగానికి పైగా కొత్త గ్రాఫిక్స్ కార్డుల గురించే. "ఏది కొనమంటారు?" అని ఒక్క ముక్క రాసి పంపినవాళ్లకు నా దగ్గర జవాబు లేదు. మానిటర్ ఏది, ప్రాసెసర్ ఏది, దేనికి వాడతారు అన్నవి తెలియకుండా చెబితే అది సలహా కాదు, చిలక జోస్యం. వివరాలు రాసినవాళ్ల ప్రశ్నలు తీసుకున్నాను.

ప్రశ్న: ఆర్‌టీఎక్స్ 5070 తీసుకుంటే పాత 4090 అంత స్పీడు వస్తుందని షాపులో చెప్పారు సార్. కంపెనీ ఓనరే స్టేజీ ఎక్కి చెప్పాడట. నమ్మొచ్చా?
(ఇంజినీరింగ్ విద్యార్థి, గుంటూరు)

జవాబు: ఆయన ఆ మాట అన్నది నిజమే. 2025 జనవరిలో లాస్ వేగస్‌లో సీఈఎస్ ప్రదర్శన జరిగింది. 549 డాలర్ల 5070లో 4090 పనితనం ఉంటుందని ఎన్విడియా అధిపతి జెన్సన్ హువాంగ్ అక్కడే ప్రకటించారు. 4090 విడుదలైనప్పటి ధర 1,599 డాలర్లు. మూడో వంతు ధరకు అదే పని అంటే ఎవరికైనా నోరూరుతుంది. కిటుకంతా లెక్కపెట్టిన పద్ధతిలో ఉంది.

గేమ్ ఆడుతున్నంతసేపూ కార్డు వరసగా బొమ్మలు గీస్తూ ఉంటుంది. సెకనుకు ఎన్ని గీస్తే అన్ని ఫ్రేములు. 40 సిరీస్ నుంచి ఎన్విడియా ఇంకో పని మొదలుపెట్టింది: గీసిన రెండు ఫ్రేముల మధ్య ఎలా ఉండొచ్చో ఊహించి ఒక ఫ్రేమును చొప్పించడం. 50 సిరీస్‌తో ఇలాంటివి మూడు దాకా చొప్పించడం మొదలుపెట్టింది. అంటే ఆ పోలికలో 5070 వైపు ఒక అసలు ఫ్రేముకు మూడు ఊహలు, 4090 వైపు ఒక అసలుకు ఒకే ఊహ. గ్లాసు పెరుగులో మూడు గ్లాసుల నీళ్లు పోసి చిలికితే నాలుగు గ్లాసుల మజ్జిగ అవుతుంది. ఎండాకాలంలో అంతకన్నా కావలసిందేముంది? కానీ ఇంట్లో నాలుగు గ్లాసుల పెరుగుందని చెప్పుకోకూడదు.

చేతికి తేడా ఎక్కడ తెలుస్తుందో చెబుతాను. కార్డు అసలు గీసేది 30 ఫ్రేములే అనుకోండి. స్క్రీన్ మూలన 110, 115 అని అంకె మెరుస్తూ ఉంటుంది, బొమ్మ కూడా నున్నగానే జారుతుంది. మౌస్ గబుక్కున తిప్పి చూడండి. తుపాకి మాత్రం 30 ఫ్రేముల బద్ధకంతోనే తిరుగుతుంది, ఇంకాస్త ఆలస్యంగా కూడా. మధ్య ఫ్రేమును ఊహించాలంటే తర్వాతి అసలు ఫ్రేము వచ్చేదాకా ముందుదాన్ని పట్టి ఉంచాలి కదా, ఆ ఆలస్యం అది. అసలే 60, 70 వస్తూ మానిటర్ 240 హెర్ట్జ్‌దైతే ఈ సదుపాయం బాగుంటుంది. కథ ఉన్న గేముల్లో నేనూ వాడతాను.

ఊహల్ని పక్కన పెడితే 5070 వేగం ముందు తరం 4070 సూపర్ చుట్టుపక్కలే తిరుగుతుంది. 4090లో 16,384 కుడా కోర్లు ఉంటే ఇందులో 6,144. మెమరీ అక్కడ 24 జీబీ, ఇక్కడ 12. కార్డు చెడ్డది కాదు, పోలికే చెడ్డది. అదే 549 డాలర్ల ధర పెట్టి 2025 మార్చిలో ఏఎండీ ఆర్ఎక్స్ 9070ని 16 జీబీతో దించింది. మీరు చదువులో భాగంగా మెషీన్ లెర్నింగ్ ప్రాజెక్టులు చేసేదుంటే ఎన్విడియా వారి కుడా సాఫ్ట్‌వేర్ కోసం 5070 తీసుకోండి. గేములకే అయితే నా ఓటు 9070కి. డాలర్ ధరను రూపాయల్లోకి మార్చుకుని షాపులో బేరానికి దిగకండి. అక్కడ ప్రకటించే ధరలో పన్ను ఉండదు, ఇక్కడ 18 శాతం జీఎస్టీ పడుతుంది.

ప్రశ్న: నాది రైజన్ 5 3600, బీ450 బోర్డు. కొత్తగా ఇంటెల్ ఆర్క్ బీ580 వేశాను. వీడియోల్లో వాళ్లకు 120 ఫ్రేములు వస్తున్న గేమ్‌లో నాకు 70 దాటట్లేదు. పీస్ డిఫెక్టా? మార్చి ఇవ్వమంటే షాపువాళ్లు ఒప్పుకోవడం లేదు.
(వరంగల్)

జవాబు: షాపువాళ్లతో గొడవ కాస్త ఆపండి, తప్పు కార్డుది కాకపోవచ్చు. కార్డుల్ని పరీక్షించేవాళ్లు రైజన్ 7 9800ఎక్స్3డీ లాంటి ప్రాసెసర్ పక్కన పెట్టి కొలుస్తారు. అందులో మోసం లేదు. కార్డుకీ కార్డుకీ తేడా తేలాలంటే మధ్యలో ఇంకేదీ అడ్డం రాకూడదు. మీ ఇంట్లో మాత్రం అడ్డం వస్తుంది. పెళ్లిలో వంటమేస్త్రి ఎంత గట్టివాడైనా కూరలు తరిగిచ్చేది ఒక్కడే అయితే బాణలి ఖాళీగానే కాగుతుంది.

ముందు బయోస్‌లోకి వెళ్లి రీసైజబుల్ బార్ ఆన్‌లో ఉందో లేదో చూడండి. లేకపోతే బోర్డు కంపెనీ సైట్ నుంచి కొత్త బయోస్ వేయండి. వేరే కార్డులకు అది ఉంటే మంచిది, ఆర్క్ కార్డులకు ఉండి తీరాలి. అది ఆన్‌లోనే ఉంటే గేమ్ రిజల్యూషన్‌ను 1080 నుంచి 720కి దించి మళ్లీ ఆడండి. అంకె 70 దగ్గరే ఆగిపోతే ఇబ్బంది ప్రాసెసర్ దగ్గర, పెరిగితే కార్డు దగ్గర. బీ580 డ్రైవర్ ప్రాసెసర్ మీద మోపే బరువు పోటీ కార్డులకన్నా ఎక్కువని విడుదలైన కొద్ది వారాల్లోనే పరీక్షల్లో బయటపడింది. పాత ప్రాసెసర్లతో మరీ తెలుస్తుంది. మీ బోర్డు మీదే రైజన్ 7 5700ఎక్స్3డీ కూర్చుంటుంది, దొరికితే వదలకండి. ర్యామ్ ఒకటే స్టిక్ ఉంటే జతది కూడా వేయండి.

ఇంకొక్క మాట. ఒకసారి ఒక కార్డుకు ఇన్ని తక్కువ ఫ్రేములేమిటని రెండు రోజులు కొట్టుకున్నాను. డ్రైవర్లు తీశాను, విండోస్ కూడా మళ్లీ ఎక్కించాను. తీరా చూస్తే మానిటర్ కేబుల్ మదర్‌బోర్డుకు గుచ్చి ఉంది. మీ ప్రాసెసర్‌లో గ్రాఫిక్స్ లేదు కాబట్టి మీకా ప్రమాదం లేదు. ఉన్నవాళ్లు వెనక్కి ఒంగి ఒకసారి చూసుకోండి.

ప్రశ్న: 5060 టీఐ 8 జీబీ, 16 జీబీ రెండూ దొరుకుతున్నాయి. ఒక చార్టులో రెంటికీ సగటు ఫ్రేములు దాదాపు సమానం. 8 జీబీది చాలు కదా?
(సికింద్రాబాద్)

జవాబు: చాలదండీ. 2025లో విడుదలైనప్పుడు అమెరికాలో రెంటికీ 50 డాలర్లే తేడా, 379, 429. కోర్లు అవే 4,608. మెమరీ నిండనంతసేపూ రెండూ కవల పిల్లలే. నిండిన క్షణం నుంచి కథ మారిపోతుంది. చోటు చాలని బొమ్మల సరుకు కంప్యూటర్ ర్యామ్‌లోకి పొర్లుతుంది, అక్కడి నుంచి మదర్‌బోర్డు దారిలో రావాలి. ఈ కార్డుకు ఆ దారిలో ఎనిమిది వరసలే. మీది పాత పీసీఐఈ 3.0 బోర్డైతే ఆ వరసలు మరీ ఇరుకు. కొన్ని గేములైతే ఫ్రేములు తగ్గించకుండా గోడల మీద బొమ్మల్నే మసక చేసి పెడతాయి. అప్పుడు చార్టులో తేడా కనిపించదు, కంటికి కనిపిస్తుంది.

ఇక మీరు చూసిన సగటు సంగతి. సిటీలో మీ రూటుకు గంటకు ఆరు బస్సులున్నాయనుకోండి. సగటున పది నిమిషాలకొకటి. ఐదు ఒకదాని వెనకొకటి వచ్చేసి, ఆరోదానికి యాభై నిమిషాలు స్టాపులో నిలబడ్డా సగటు అదే పది నిమిషాలు! ఫ్రేములూ అంతే. సెకనుకు 60 అంటే ఒక్కోటి సుమారు 16.7 మిల్లీసెకన్లకు రావాలి. మధ్యలో ఒకటి 100 మిల్లీసెకన్లు పట్టిందంటే చెయ్యి తట్టుకున్నట్టు తెలుస్తుంది, సగటులో మాత్రం మాయమైపోతుంది. 2011లో టెక్ రిపోర్ట్ వెబ్‌సైట్‌లో స్కాట్ వాసన్ ఒక్కో ఫ్రేము పట్టిన కాలాన్ని విడివిడిగా లెక్కగట్టి చూపించాక ఈ ఆలోచన అందరికీ పాకింది. ఇప్పుడు చార్టుల్లో "1 శాతం లో" అని, అన్నిటికన్నా నెమ్మదైన ఫ్రేముల లెక్కతో రెండో గీత కనిపించేది అందుకే. నేను ముందు ఆ గీతే చూస్తాను, సగటు తర్వాత.

ఒకే పేరు కింద రెండు సరుకులు అమ్మడం కొత్తేం కాదు. జీటీఎక్స్ 1060లో 3 జీబీదానికి మెమరీతోపాటు కోర్లు కూడా తగ్గించారు, 1,280కి బదులు 1,152. జీటీ 1030 అయితే మరీ అన్యాయం. డీడీఆర్4 మెమరీ పెట్టిన రకంలో బ్యాండ్‌విడ్త్ సెకనుకు 48 జీబీ నుంచి 16.8కి పడిపోయింది, పేరు మాత్రం మారలేదు. మీ ఊళ్లోనే కంప్యూటర్ దుకాణాల సీటీసీ ఉంది కాబట్టి వెళ్లి కొంటారు. బిల్లు మీద "5060 టీఐ" అని వదిలేస్తే ఒప్పుకోకండి. "16 జీబీ" అని రాయించి, డబ్బా మీద అంకెతో సరిచూసుకుని కదలండి.

ప్రశ్న: 3డీమార్క్ స్కోరు ఎక్కువున్న కార్డు కళ్లు మూసుకుని కొనొచ్చా?
(అనంతపురం)

జవాబు: కళ్లు తెరుచుకునే కొనండి. ఒకే కంపెనీ కార్డుల మధ్య పోలికకు, కొత్తగా వేసిన మీ కార్డు అందరి దగ్గరా వచ్చినంత ఇస్తోందా అని చూసుకోవడానికి ఆ స్కోరు అక్కరకొస్తుంది. అంతకుమించి బరువు మోపకండి. పరీక్ష పేపరు ముందే తెలిసినవాడు మార్కులు తెచ్చుకోవడంలో వింతేముంది? 2003లో ఎన్విడియా డ్రైవర్ 3డీమార్క్03ను గుర్తుపట్టి కొంత పని ఎగ్గొడుతోందని ఆ పరీక్ష తయారుచేసిన ఫ్యూచర్‌మార్కే బయటపెట్టింది.

అంతకన్నా తమాషా 2001లో జరిగింది. ఏటీఐ రేడియన్ 8500 కార్డు క్వేక్ 3 గేమ్‌లో మంచి వేగం చూపిస్తోంది. హార్డ్‌ఓసీపీ వాళ్లకు అనుమానమొచ్చి గేమ్ ఫైలులో "క్వేక్" అన్నచోటల్లా "క్వాక్" అని మార్చి నడిపారు. గేమ్ అదే, కార్డు అదే, వేగం మాత్రం పడిపోయింది! డ్రైవర్ పేరు చూసి బొమ్మ నాణ్యత తగ్గించి పరిగెడుతోందన్నమాట. మీరు రోజూ ఆడే గేమ్ పేరుతో, మీ మానిటర్ రిజల్యూషన్‌లో కొలిచిన అంకె ఒక్కటి దొరికినా అది పది స్కోర్ల పెట్టు.

ప్రశ్న: మా అమ్మాయికి ల్యాప్‌టాప్ చూస్తున్నాం. రెంటిలోనూ ఆర్‌టీఎక్స్ 4060 అనే ఉంది, ధరలో ఇరవై వేల తేడా. ఎందుకండీ?
(ఒక తండ్రి, కరీంనగర్)

జవాబు: కరెంటు తేడా చూడండి. ల్యాప్‌టాప్ 4060ని తయారీదారు 35 వాట్ల నుంచి 115 దాకా ఎంతకైనా బిగించుకోవచ్చు, స్టిక్కరు మాత్రం అదే. స్పెసిఫికేషన్లలో "టీజీపీ" అన్నచోట వాట్లు చదవండి. పెద్ద పేర్లకూ ఇది వర్తిస్తుంది: ల్యాప్‌టాప్ 4090లో ఉన్నవి 9,728 కోర్లే, డెస్క్‌టాప్‌దానిలో 16,384 అని పైన రాశాను. తేడా అంతా స్క్రీనులోనో ర్యామ్‌లోనో ఉంటే మాత్రం తక్కువదే కొనండి. అమ్మాయి రోజూ మోసుకెళ్లేదైతే బరువు కూడా చూసుకోండి.

ప్రశ్న: పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తాను. ఆర్‌టీఎక్స్ 3060 12 జీబీ ఉంది. కొత్త కెమెరా ఫుటేజీ టైమ్‌లైన్‌లో పట్టి పట్టి కదులుతోంది. దీనికి రెండింతల ఎఫ్‌పీఎస్ ఇచ్చే కార్డు తీసుకుంటే సరిపోతుందా?
(రాజమహేంద్రవరం)

జవాబు: గేమ్ ఎఫ్‌పీఎస్ చార్టులు మీ పనికి అక్కరకు రావు. మీ కొత్త కెమెరా 10 బిట్ 4:2:2లో తీస్తూ ఉండాలి. ఏదైనా క్లిప్ ప్రాపర్టీస్ తెరిస్తే తెలుస్తుంది. ఆ రకం ఫైలును విప్పే సరంజామా 3060లో లేదు, 4090లోనూ లేదు. అందుకని ఆ బరువంతా ప్రాసెసర్ నెత్తిన పడుతుంది, తలంబ్రాల సీను దగ్గరికి రాగానే టైమ్‌లైన్ ముక్కుతుంది. మీరు లక్షన్నర పోసి పాత 4090 తెచ్చినా అక్కడే ముక్కేది.

ఎన్విడియాలో ఆ డీకోడర్ 50 సిరీస్‌తోనే వచ్చింది. కాబట్టి మీ పనికి 5060 టీఐ 16 జీబీది 4090ని దాటిపోయే చోటు ఒకటుంది, అది ఇదే. మీ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్‌లో ఉండాలి సుమా. కొనేలోపు పెళ్లి సీజన్ మీద పడితే ప్రాక్సీ ఫైళ్లు చేసుకుని పని కానిచ్చేయండి. కార్డులు పోల్చాలంటే ఎడిటింగ్‌నే కొలిచే ప్యూజెట్‌బెంచ్ ఫలితాలు చూడండి.

ప్రశ్న: జనవరిలో కొన్న 9070 ఎక్స్‌టీ ఇప్పుడు మే నెలలో ఫ్రేములు తగ్గించేసింది. ఫ్యాను మోత కూడా. కార్డు ముసలిదైపోతోందా?
(విజయవాడ)

జవాబు: నాలుగు నెలలకే ముసలితనం రాదు, మీ ఊరి ఎండ వచ్చింది. కార్డును కొలిచే ల్యాబుల్లో ఏసీ గది, మనకు మధ్యాహ్నం 40 దాటిన గది. గది పది డిగ్రీలు పెరిగితే కార్డు కూడా దాదాపు అంతే పెరుగుతుంది. 304 వాట్ల కార్డు అంటే కేబినెట్ లోపల చిన్న హీటరే. కాగి కాగి కార్డు తన క్లాక్ వేగాన్ని తానే తగ్గించుకుంటుంది.

ఏఎండీ అడ్రెనలిన్ సాఫ్ట్‌వేర్‌లో పవర్ లిమిట్‌ను మైనస్ 10కి దించండి. పోయేది రెండు మూడు ఫ్రేములు, తగ్గే మోత మీరే వింటారు. తర్వాత ముందువైపు జాలీ విప్పి చూడండి, దుమ్ము దుప్పటిలా పేరుకుని ఉంటుంది. కేబినెట్‌ను గోడకు జానెడు దూరం జరపండి. చల్లదనం కోసం పక్క తలుపు తీసి పెట్టమని ఎవరైనా చెబితే మాత్రం వినకండి. బల్లులకు అంతకన్నా మంచి కాపురం దొరకదు.