పైన నీరు, కింద పెచ్చు

విశాఖలో సముద్రానికి దగ్గరి ఇళ్లలో స్లాబు పెచ్చు రాలితే, అక్కడే సిమెంటు మెత్తి సున్నం కొట్టేస్తారు. రెండు వానలకు అదే చోట, ఈసారి ఇంకాస్త పెద్దది రాలుతుంది. లోపల చువ్వ తుప్పు పడుతోంది మరి. తుప్పుకి అసలు ఇనుముకన్నా రెండు మూడు రెట్లు చోటు కావాలి. ఆ చోటు కోసం అది కాంక్రీటును కిందికి నెడుతుంది.

ఎండలు ముదరకముందే పని పెట్టుకోండి. ముందు డాబా మీద బకెట్లతో నీళ్లు పోసి ఎక్కడ నిలుస్తున్నాయో చూసి, సుద్దతో గీయండి. తర్వాత కింద సుత్తితో తట్టుతూ పోతే బోలుగా మోగే చోటల్లా తెలుస్తుంది. కింద జాకీలు నిలబెట్టాకే ఉలి పట్టాలి.

మేస్త్రితో తగువు వచ్చేది ఇక్కడే. చువ్వ కింది సగం కనపడగానే చెక్కడం ఆపేస్తాడు. ఆపనివ్వకండి. చువ్వ వెనక వేలు దూరేంత, అంటే 20 మిల్లీమీటర్లు, చెక్కాలి. వెనక ఉప్పు పట్టిన పాత కాంక్రీటు మిగిలితే తుప్పు అక్కణ్ణుంచే మళ్లీ మొదలవుతుంది. వైరు బ్రష్షుతో ఇనుము మెరిసేదాకా రుద్ది, మంచినీళ్లతో కడగాలి. బోరు నీళ్లు ఉప్పగా ఉంటే అసలు వద్దు. 10 మిల్లీమీటర్ల చువ్వ 8.5కి అరిగితే పావు వంతు పైగా ఇనుము పోయినట్టే. పక్కన కొత్త చువ్వ ఎంత పొడవున కట్టాలో ఇంజనీరునే అడగండి.

ఆరాక చువ్వకి జింకు ప్రైమరు వేయాలి. పాత కాంక్రీటుకి లేటెక్సు కలిపిన సిమెంటు పాలు పూసి, ఆ తడి ఆరకముందే పాలిమర్ మోర్టారు పొరలు పొరలుగా నొక్కాలి. ఒకేసారి మందంగా పెడితే జారుతుంది.

డాబా మీద పగుళ్లను వెడల్పు చేసి పూడ్చాలి. పది అడుగులకు అంగుళంన్నర వాటం, పిట్టగోడ మూల గుండ్రం, ఆపైన రబ్బరులా సాగే పూత రెండు కోట్లు, ఒకటి అడ్డం, ఒకటి నిలువు. పూత పూర్తిగా గట్టిపడ్డాక నీళ్లు పోయే గొట్టం మూసి 48 గంటలు నీళ్లు నిలబెట్టి, కింద చెయ్యి పెట్టి చూడండి.

కొత్తగా కట్టుకునేవాళ్లు కవరింగు, అంటే చువ్వని కప్పే కాంక్రీటు మందం, దగ్గర పిసినారితనం చేయకండి. ఐ.ఎస్. 456 ప్రకారం సముద్రపు గాలి నేరుగా తగిలే కాంక్రీటుకి 45 మిల్లీమీటర్లు ఉండాలి. చువ్వల కింద బిళ్లలు లెక్కపెట్టాకే కాంక్రీటు పోయనివ్వండి.